శుక్రవారం వచ్చిన ఉప్పు లారీ

విజయనగరం ప్యాసింజరు రాయగడ స్టేషన్లో ఆగేసరికి ఫస్టు క్లాసు పెట్టెలో డాక్టర్ వరాహనరసింహం చచ్చిపోయి ఉన్నాడు.

కిటికీ పక్కన కూర్చున్నవాడు కూర్చున్నట్టే ఉన్నాడు. ఒళ్ళో ఫ్లాస్కు, దాని మూతలో సగం తాగిన కాఫీ. ఆయన్ని దింపుకోవడానికి వచ్చిన ఏజెంట్ భావనారాయణ ఆ మూత అందుకుని వాసన చూశాడు. కాఫీ వెనకాల చేదు బాదం వాసన.

సయనైడ్.

"హార్టు," అన్నాడు రైల్వే డాక్టరు, పెట్టె గుమ్మంలోంచే.

"ఒక్కసారి ఈ కాఫీ వాసన చూడండి."

"నాకు జలుబు."

అంతే. మనిషిని చంపడం సులువని భావనారాయణకి ఎప్పుడో తెలుసు. చంపారని నమ్మించడానికే ఆయుష్షు సరిపోదు. చచ్చినవాడు క్లోరిన్ మీద దేశంలోకెల్లా పెద్ద ఎక్స్‌పర్టు. బిస్సమ్ కటక్‌లో కొత్తగా కట్టిన పేపరు మిల్లుని సోమవారం ప్రారంభోత్సవం కాకముందే చూడాలని బయల్దేరాడు. ఎవడో చూడనివ్వలేదు.

పోస్టాఫీసులో వాల్తేరుకి ట్రంక్ కాల్ దొరికేసరికి శనివారం మధ్యాహ్నమైంది.

"కొండ వెదురు," అంది అవతలి గొంతు. చీఫ్ సోమేశ్వరరావు.

"బాగా నానింది," అని సంకేతానికి జవాబిచ్చాడు భావనారాయణ. వెనకాల క్యూలో ఉన్న ముసలాయన జాలిగా చూశాడు. "డాక్టర్ గారు పోయేరు సార్. కాఫీలో కలిపేరు."

"ప్రూఫ్?"

"రైల్వే డాక్టరు హార్టంటున్నాడు."

"అయితే కాగితాల్లో హార్టే. విను. నిన్న ఆయన నాతో ఫోన్లో చెప్పిన సంగతి. మిల్లులో ఉప్పునీళ్ళలోకి కరెంటు పంపి క్లోరిన్ తీస్తారు. వెదురు గుజ్జు తెల్లబడేది దాంతోనే. ఆ ఉప్పులో అమ్మోనియా సరుకేదైనా కలిసిందనుకో, క్లోరిన్‌తోపాటు పచ్చటి నూనె ఒకటి తయారవుతుంది. నైట్రోజన్ ట్రైక్లోరైడ్. ద్రవంగా ఉన్న క్లోరిన్ని వేడిచేసి గ్యాసు చేస్తుంటే, క్లోరిన్ ముందు ఎగిరిపోతుంది, నూనె అడుగున ఉండిపోతుంది. చివరికి నూనె ఒక్కటే మిగిలిందా, షెడ్డు లేచిపోతుంది. గ్యాసు ఊరి మీద పడుతుంది."

"క్లోరిన్ షెడ్డు గోడ పక్కనే కూలీ లైన్లున్నాయి సార్. పిల్లా జెల్లా."

"తెలుసు. ఇది వైట్ షీట్ వాళ్ళ పని."

వైట్ షీట్ అంటే మన దేశానికి కాగితం అమ్ముకునే విదేశీ కంపెనీలు కొన్ని కలిసి నడిపే ముఠా. ఇక్కడ ఎవరైనా సొంతంగా కాగితం చేద్దామనుకుంటే చాలు, అక్కడ ఏదో ఒకటి తగలబడుతుంది.

"ప్రారంభోత్సవం వాయిదా వేయించండి సార్."

"ప్రూఫ్?"

భావనారాయణ రిసీవరు ఇంకో చెవికి మార్చుకున్నాడు.

"సోమవారంతో ఈ ఫైలు క్లోజు. తేల్చలేకపోయావా, నిన్ను పాస్‌పోర్టు వెరిఫికేషన్‌కి పడేస్తున్నారు. ఉప్పు చూడు."

మిల్లులో భావనారాయణ అంటే ఎవరికీ తెలియదు. అక్కడ అతను క్యాంటీన్ మేనేజరు లక్ష్మీనరసింహం. అతికించిన మీసం, అరువు కళ్ళజోడు. ఇడ్లీ పాత్ర మూత తీసినప్పుడల్లా ఆవిరికి మీసం ఒక పక్కకి జారేది. హెడ్ క్వార్టర్స్ వాళ్ళు సిగరెట్ లైటర్లో ఇమిడే కెమెరా ఇచ్చారు. దానికి ఫిల్ము ఇవ్వలేదు. టార్చిలైటులో దాచిన ట్రాన్స్‌మీటరు ఇచ్చారు. కొండల్లో వానకి దాని బ్యాటరీ ఉబ్బిపోయింది, ఇప్పుడది టార్చిగా కూడా పనికిరాదు. రెండు నెలలుగా అతను ఇద్దరి మీద కన్నేసి ఉంచాడు. ఒకడు హెల్గర్, మిషన్లు బిగించడానికి వచ్చిన విదేశీ ఇంజనీరు. రెండోది అతని సెక్రటరీ కస్తూరి. బిస్సమ్ కటక్ ఎర్ర దుమ్ములో పట్టుచీర కట్టి, నల్ల కళ్ళద్దాలు పెట్టి, తనే జీపు నడిపే మనిషి. ఆమె వెళ్తుంటే ఫోర్‌మన్లు చేతిలో పని మరిచిపోయేవారు. భావనారాయణ మరిచిపోలేదు. ఆమె జీపు వెనకాల సైకిలు తొక్కి తొక్కి మోకాళ్ళు వాచిపోయాయి. దొరికింది శూన్యం.

ఆ సాయంత్రం నేరుగా లేబరేటరీకి వెళ్ళి చీఫ్ కెమిస్టు మన్మథరావు ముందు తన గుర్తింపు కార్డు పెట్టాడు.

మన్మథరావుది తాతల నాటినుంచి ఎస్టేటు ఉద్యోగాల్లో ఉన్న ఇల్లు. ఎదుటివాణ్ణి కూర్చోమనకుండా మాట్లాడ్డం వాళ్ళకి పుట్టుకతో వస్తుంది. కార్డు ఇటూ అటూ తిప్పి చూశాడు.

"ఇందులో మీకు మీసం లేదే."

"అతికించుకున్నానండి."

"అది క్యాంటీన్‌కి వచ్చే ప్రతివాడికీ తెలుసు. ఎందుకో మాత్రం ఇవాళ తెలిసింది. ఏం కావాలి?"

"ఉప్పులో అమ్మోనియా ఉందేమో చూడాలి."

"ఉప్పులో కాల్షియం చూస్తాం, మెగ్నీషియం చూస్తాం. అమ్మోనియా ఎవడు వెతుకుతాడండీ. వరాహనరసింహం గారు చెప్పేరా? పెద్దాయనకి ఈమధ్య భయాలెక్కువయ్యేయి, పాపం."

"ఇవాళ పొద్దున్న రైల్లో పోయేరు."

మన్మథరావు కాస్త తగ్గాడు. గొడౌన్లో ఉప్పు గుట్ట మీంచి దోసెడు తెప్పించి, నీళ్ళలో కరిగించి, నెస్లర్ మందు చుక్కలు వేశాడు. అమ్మోనియా ఉంటే గోధుమరంగు తేలాలి. నీళ్ళు నీళ్ళలాగే ఉన్నాయి.

"చూసేరా? నౌపడ ఉప్పు. సప్లై అంతా అప్పలనరసింహం ఒక్కడిదే. ఇంకొకడి ఉప్పు గేటు దాటదు. ఇంక వెళ్ళి మీ ఇడ్లీలు చూసుకోండి."

ఆదివారమంతా భావనారాయణ చూడని చోటు లేదు. సున్నం చూశాడు, సోడా చూశాడు, క్లోరిన్ షెడ్డు చుట్టూ తిరిగి వాచ్‌మన్ చేత రెండుసార్లు తిట్లు తిన్నాడు. ఇంకోసారి ట్రంక్ కాల్ బుక్ చేస్తే లైను దొరకలేదు. గోడ అవతల కూలీ లైన్లలో ఆడవాళ్ళు రాగులతో మండియా జావ కాచుకుంటున్నారు. వాళ్ళకి చెప్పి ఖాళీ చేయిద్దామంటే ఏమని చెప్పాలి? ఇడ్లీలమ్ముకునేవాడి మాట విని పిల్లల్ని చంకనేసుకుని అడివిలోకి ఎవరు పోతారు?

సోమవారం పొద్దున్న మిల్లు ముందు షామియానా లేచింది. బ్యాండు వచ్చింది. అప్పలనరసింహం పట్టు లాల్చీ వేసుకుని క్యాంటీన్లో కాఫీ ముందు మొహం మాడ్చుకుని కూర్చున్నాడు.

"ఇదేటి న్యాయం మేనేజరు బాబూ. ఉప్పు నాది. ముందు వరస కుర్సీలు గుమస్తాలవీ. నన్ను ఎనకాల వంట డేగిసాల పక్కన కూకోమన్నారు."

హెల్గర్‌కి కాఫీ పట్టుకెళ్ళడానికి వచ్చిన కస్తూరి నవ్వింది. "మీరు లేకపోతే ఈ ప్రారంభోత్సవమే లేదండీ. శుక్రవారం మీరు పంపిన లారీతోనే కదా ఉప్పునీళ్ళ తొట్టి నిండింది. హెల్గర్ గారు గొడౌన్‌కి కూడా పంపకుండా నేరుగా తొట్టిలోకే దింపించేరు."

అప్పలనరసింహం కప్పు కింద పెట్టాడు.

"ఏ వారం అన్నావమ్మీ?"

"శుక్రవారం."

"నాను పంపలేదు. శుక్రవారం మా ఉప్పు గుమ్మం దాటదు. మా తాత కాలంనుంచీ లేదు. మా యమ్మ గున్నమ్మ గొడౌను తాళం బొడ్లో దోపుకుని దేవుడి గదిలో కూకుంటాది. కలకటేరు వచ్చి అడిగినా సిటికెడు పెట్టదు. ఊరందరికీ తెల్సు."

ఊరందరికీ తెలుసు. మిల్లులో ఒక్కడికీ తెలియదు. అంతకన్నా తెలియని వాడు దూరదేశంలో కూర్చుని ఈ పథకం వేశాడు.

భావనారాయణ అప్పటికే గుమ్మం దాటాడు. షామియానాలో కోటుకి గులాబీ గుచ్చుకుని నిలబడ్డ మన్మథరావుని రెక్క పట్టుకుని ఈడ్చుకుపోయాడు.

"వదలండి. మంత్రిగారు వచ్చేస్తున్నారు."

"గుట్ట కాదు. తొట్టిలో నీళ్ళు చూడండి. ఒక్క చుక్క."

తిట్టుకుంటూనే మన్మథరావు నెస్లర్ మందు వేశాడు. గాజు గొట్టంలో నీళ్ళు చిక్కటి గోధుమరంగు తిరిగాయి. అతని మొహంలో రక్తం లేదు.

"అమ్మోనియం సల్ఫేటు. పొలాలకి చల్లే ఎరువు. చూడ్డానికి ఉప్పులాగే ఉంటుంది. రెండు రోజులుగా ఈ నీళ్ళలోంచే క్లోరిన్ తీస్తున్నాం."

"ఆ క్లోరిను ఇప్పుడెక్కడుంది?"

"వేపరైజర్లో. మంత్రిగారు వాల్వు తిప్పడానికి మరిగిస్తున్నారు."

షెడ్డులో ఒక్క మనిషి లేడు. ఆపరేటర్లందరినీ దండలు పట్టుకుని నిలబడమని హెల్గర్ పంపేశాడు. వేడినీళ్ళ తొట్టిలో ఇనప కుండలాంటి వేపరైజరు. తొట్టిలోకి ఆవిరి బుసలు కొడుతోంది. ఆవిరి వాల్వుకి చక్రం లేదు. ఎవడో ఊడదీసి పట్టుకుపోయాడు. లోపలి క్లోరిన్ మట్టం చూపించే ముల్లు అడుగు గీత వైపు దిగిపోతోంది.

"గీత దాటితే?"

మన్మథరావు అప్పటికే వాల్వు వైపు దూకాడు. కోటు విప్పి పారేసి, మూలనున్న పైపు రెంచి తెచ్చి వాల్వు కాడకి తగిలించి వేలాడాడు. ఆవిరి ఆగింది. ముల్లు ఆగలేదు.

"నీళ్ళు ఇంకా మరుగుతున్నాయి. చల్లారాలి. చన్నీళ్ళ లైనుకి చక్రమే కాదు, కాడ కూడా లేదు."

"ఐసు," అన్నాడు భావనారాయణ.

మంత్రిగారి షర్బత్‌కి విజయనగరం నుంచి రైల్లో వచ్చిన ఐసు దిమ్మలు క్యాంటీన్ వరండాలో ఊక కింద ఉన్నాయి. తన పేరు మీద ఉప్పు తోలినవాడెవడో తేల్చుకుందామని వెనకాలే వచ్చిన అప్పలనరసింహం ఎదురయ్యాడు. ప్రశ్న అడగకుండా పట్టు లాల్చీ మీదే దిమ్మ ఎత్తుకున్నాడు. ఇద్దరూ పరిగెత్తారు. ఒక దిమ్మ. ఇంకొకటి. తొట్టిలో నీళ్ళు చిటపటలాడాయి. మంత్రిగారితో బ్యాండు మేళం షెడ్డు వైపు తిరిగింది.

"దూరంగా జరగండి."

గుమ్మంలో హెల్గర్. చేతిలో పిస్తోలు. పారిపోయే దారిలో ఆవిరి చప్పుడు ఆగిపోవడం విని వెనక్కి వచ్చినట్టున్నాడు. భావనారాయణ చేతిలో ఆఖరి దిమ్మ ఉంది. ముల్లు గీతకి వెంట్రుకవాసి పైన ఉంది.

"పిస్తోలు కింద పెట్టండి, మిస్టర్ హెల్గర్," అంది కస్తూరి అతని వెనకనుంచి. ఆమె చేతిలో ఉన్న చిన్న పిస్తోలు అతని వీపుకి ఆనింది. భావనారాయణ వైపు చూసి, "కొండ వెదురు," అంది.

"బాగా నానింది," అనేశాడు భావనారాయణ. దిమ్మ తొట్టిలో పడేశాడు. ఆ నీళ్ళు చిమ్మి మీసం ఊడిపోయింది. ముల్లు గీత మీద ఆగింది.

మన్మథరావు స్టోరేజీ ట్యాంకు నుంచి కొత్త క్లోరిన్ మెల్లగా లోపలికి వదిలాడు. ముల్లు పైకి లేచింది. "నూనె పలచబడింది. చల్లగా ఉన్నంతకాలం ఏమీ కాదు. తర్వాత జాగ్రత్తగా ఖాళీ చేయించాలి," అని నేల మీద కూలబడ్డాడు. పక్కన చోటు చూపించి, "కూర్చోండి," అన్నాడు భావనారాయణతో.

మంత్రిగారిని యార్డులో మంచినీళ్ళ పైపు దగ్గరికి మళ్ళించి, ఇదే క్లోరిన్ వాల్వని చెప్పారు. ఆయన తిప్పారు. అందరూ చప్పట్లు కొట్టారు.

"రెండు నెలలు," అన్నాడు భావనారాయణ కస్తూరితో, హెల్గర్‌ని జీపు ఎక్కించాక. "రెండు నెలలు మీ వెనకాల సైకిలు తొక్కేను. ఒక్క మాట చెప్పొచ్చు కదా."

"హెల్గర్‌ని కనిపెట్టమన్నారు. మీతో మాట్లాడమని ఆర్డరు లేదు. ఉప్పులో ఏముందో నాకూ తెలీదు. గొడౌన్‌కి ఎందుకు పంపలేదా అని అనుమానం వచ్చింది, మీ చెవిన వేసేను. పైగా మీరు వెనకాల వస్తుంటే హెల్గర్ మిమ్మల్నే చూసేవాడు, నన్ను చూసేవాడు కాదు. చాలా సాయపడ్డారు."

ఆ రాత్రి ట్రంక్ కాల్లో చీఫ్ సంతోషంగా ఉన్నాడు.

"కస్తూరి బాగా చేసింది. ఢిల్లీకి రిపోర్టు పంపించేను."

"ఆవిడ మన మనిషని నాకెందుకు చెప్పలేదు సార్?"

"నీ గ్రేడుకి చెప్పే రూలు లేదు. ఇంకోటి. మిల్లు నుంచి నీ మీద కంప్లైంటు వచ్చింది. మంత్రిగారికి వెచ్చటి షర్బత్ ఇచ్చేరట. సంజాయిషీ రాసి పంపు."

"ఏమని రాయమంటారు సార్?"

"ఏదో ఒకటి. మిషన్ గురించి మాత్రం ఒక్క ముక్క రాయకు."

భావనారాయణ రిసీవరు పెట్టేసి, పోస్టుమాస్టర్ని కాగితం అడిగాడు. దొరికిన ఒక్క తావు మీదా విదేశీ కంపెనీ ముద్ర ఉంది.