మైకు మీది ఎంగిలి

ప్రేమ పాటలు నాకు పడవు. ఈ మాట అన్నప్పుడల్లా వినేవాళ్లు నన్నో బండరాయిని చూసినట్టు చూస్తారు. కారణం చెప్పానంటే వాళ్లే తినే పళ్లెం పక్కకి జరుపుతారు.

కాలేజీలో భౌతికశాస్త్రం చదివి, పాఠాలు చెప్పే ఉద్యోగం దొరక్క, రికార్డింగు స్టూడియోలో చేరినవాణ్ణి నేను. అక్కడ నా పని పాటలోంచి నోటిని తీసేయడం. మనిషి మైకు ముందు నిలబడి పాడితే పాట ఒక్కటే పడదు. పెదవులు విడిపడే చప్పుడు పడుతుంది. నాలుక అంగిలికి అంటుకుని ఊడే చప్పుడు, పళ్ల సందుల్లో ఉమ్మి బుడగ పగిలే చప్పుడు, గుటక... అన్నీ పడతాయి. వాటిని టేపు మీద వెతికి, బ్లేడుతో కోసి, మిగిలిన పాటని అతికించాలి. దేశభక్తి గీతాలు నయం. దూరంగా నిలబడి అరుస్తారు. ప్రేమ పాటకి మాత్రం మైకుని కొరికేస్తారా అన్నంత దగ్గరికి వస్తారు. గొంతు ఎంత మెత్తన అయితే నోరు అంత తడి. మా ఆవిడ అనేది, "లోకమంతా ఆ పాట విని కళ్లు తుడుచుకుంటుంటే మీరేంటండీ, మూతి తుడుచుకుంటారు!" అని. అదృష్టవంతురాలు. ఆవిడ విన్నది రేడియోలో వచ్చింది. నేను విన్నది చెత్తబుట్టలో పడ్డది.

చెవి అలా తయారైన మనిషిని కాబట్టే ఆ చప్పుడు నాకు పట్టుబడింది. పట్టుబడకపోయినా బాగుండేదని ఇప్పటికీ అనిపిస్తుంది.

మా కూతురి కూతురు నా దగ్గరే ఉంటుంది. నేను పిచ్చుక అని పిలుస్తాను. సన్నగా, చురుగ్గా, ఒక్క చోట నిలవకుండా ఉండేది. చక్కటి ఉద్యోగం మానేసి ఒక రాక్ బ్యాండ్‌లో చేరింది. రాక్ బ్యాండ్ అంటే కొంతమంది ఒకచోట చేరి, ఒకరిది ఒకరికి వినబడకుండా వాయించడం అని నా అభిప్రాయం. అది దానికి చెప్పాను కూడా.

"నీ అభిప్రాయం ఎవరడిగారు తాతయ్యా? నీ చెవులు కావాలి. కంప్యూటర్ చేత శుభ్రం చేయిస్తుంటే నా గొంతు ప్లాస్టిక్ పువ్వులా తయారవుతోంది. నా మొదటి ఆల్బమ్ ఇది. నువ్వు రావాలి."

"దేని గురించి పాటలు?"

"ప్రేమ గురించి."

"నేను రాను."

"వస్తావు," అంది. వెళ్లాను.

టైర్ల దుకాణం కింద నేలమాళిగ అది. పైన రబ్బరు వాసన, మెట్లు దిగుతున్న కొద్దీ తడి తివాచీ వాసన. గోడలకీ పైకప్పుకీ కూడా తివాచీలే కొట్టారు. కిటికీ లేదు. తలుపు మూస్తే మిట్టమధ్యాహ్నమైనా, అర్ధరాత్రైనా ఒకటే. ఒక గదిలో యంత్రాలు. అద్దానికి అవతల పాడే గది. అందులో ఒక మైకు.

బ్యాండ్‌కి పెద్ద, గిటారు వాయించే అతను. గడ్డం ఛాతీ దాకా ఉండేది, అందుకని అందరికీ గడ్డమే. డ్రమ్స్ వాయించే కుర్రాణ్ణి డప్పు అనేవాళ్లు. వాడు నోరు మూస్తే చేతులు, చేతులు ఆపితే నోరు.

ఆల్బమ్ పేరు 'ఎంగిలి' అని చెప్పాడు గడ్డం.

"అదేం పేరయ్యా ప్రేమ పాటలకి?"

"ప్రేమలో ఎంగిలి ఉండదు కదా మాస్టారూ. ఒకరి నోటిది ఇంకొకరు కాదనకపోవడమే ప్రేమంటే. నేనూ నా భార్యా జీవితమంతా ఒకే గ్లాసు, ఒకే చెంచా."

"ఒకే టూత్‌బ్రష్షు కూడా," అన్నాడు డప్పు వెనకనుంచి. "కళ్లారా చూశాను తాతగారూ. ఆ రోజునుంచి నాకు పేస్టు నురగ చూస్తే డోకు."

గడ్డం నవ్వలేదు. ఆ భార్యే ఇదివరకు బ్యాండ్‌లో పాడేది. ఆల్బమ్ సగంలో ఉండగా పోయింది. ఏదో నోరెండిపోయే జబ్బట. నీళ్లు తాగితే నిలిచేవి కావట, చివర్లో నాలుక చెక్కలా అయిందట. ఆ సగం నుంచి మా పిచ్చుక పాడుతోంది.

మైకుకి ఒక స్పాంజి తొడుగు ఉంటుంది. పాడేవాళ్ల ఊపిరి గాలి కొట్టకుండా, ఉమ్మి లోపలికి పోకుండా. మామూలుగా దాన్ని మనిషికొకటి మారుస్తాం, కనీసం ఉతుకుతాం. వీళ్ల పద్ధతి వేరు. ఆల్బమ్ మొదలెట్టినప్పుడు తొడిగిన స్పాంజి, ఆల్బమ్ పూర్తయ్యే దాకా ఉతకరు, మార్చరు. మారిస్తే గొంతు మారినట్టు తెలిసిపోతుందట. అంటే చనిపోయినావిడ ఊపిరి పీల్చిన స్పాంజికే మా పిల్ల మూతి ఆనించి పాడుతోంది.

నేను వెళ్లి చూశాను. ఒకప్పుడు నల్లగా ఉండి ఉంటుంది. మధ్యలో లిప్‌స్టిక్ మరక, దాని చుట్టూ పసుపుపచ్చ పొర. వాసన చూశాను, అది నా వృత్తి దురలవాటు. విరిగిన పాలు, పుచ్చిపోయిన పన్ను, అడుగున వెచ్చగా ఇంకేదో... పసిపిల్లల బుగ్గ దగ్గర వస్తుందే, అలాంటి వాసన. వేలితో నొక్కాను. వేలి కింద తడి ఊరింది. పాట ఆపి చాలాసేపయింది. అయినా అది వెచ్చగా ఉంది.

"ఎద్దు పుండు కాకికి ముద్దంటే ఇదే," అన్నాను. చెయ్యి కడుక్కోవడానికి పరిగెత్తాను.

పని మొదలుపెట్టాను. హెడ్‌ఫోన్లు తగిలించుకుని మా పిచ్చుక గొంతు వింటున్నాను. బాగా పాడుతుంది, నా మనవరాలని అనడం లేదు. పెదవుల చప్పుళ్లు తీశాను. నాలుక చప్పుళ్లు తీశాను. ప్రతి చరణం చివరా ఒక గుటక ఉంది. అదీ తీశాను. కాసేపయ్యాక నా చెయ్యి ఆగింది. ఒకచోట మా పిల్ల ఇంకా రాగం తీస్తూనే ఉంది... గొంతు సాగుతూనే ఉంది... అదే సమయంలో గుటక.

పాడుతూ మింగడం మనిషికి సాధ్యం కాదు.

"అమ్మాయ్, పాడేటప్పుడు నీ పక్కన ఎవరైనా ఉన్నారా?"

"ఎవరుంటారు? ఆ గదిలో నేను పట్టడమే ఎక్కువ."

"మరీ గుటకలు మింగుతున్నావు."

పిచ్చుక నీళ్ల సీసా దించి నావైపు చూసింది. పెదవులు పగిలి, మూతి చివర్ల నెత్తురు చుక్కలు ఆరిపోయి ఉన్నాయి. "మింగడానికి ఏముంది తాతయ్యా నా నోట్లో? ఉమ్మి ఊరి ఎన్నాళ్లయిందో."

ఆ గుటక మళ్లీ వెనక్కి తిప్పి విన్నాను.

అయినా చదువుకున్నవాణ్ణి. ముందు యంత్రాన్ని అనుమానించాలి, తర్వాతే మిగతావి. పాత రికార్డింగుల్లో కూడా అదే చప్పుడుంటే తప్పు వైర్లదని, గడ్డం భార్య పాడినవి పెట్టించుకున్నాను. ఉంది. ఆవిడ ప్రతి చరణం కిందా ఉంది. మొదట చాలా మెల్లగా, పాట పాటకీ దగ్గరగా. ఒకచోట ఆవిడ పాట మధ్యలో ఆపేసింది. బొంగురు గొంతుతో, "ఈ స్పాంజి తీసెయ్యవా... నా నోట్లో ఎవరో వేలు పెట్టి తడుముతున్నట్టుంది," అంది. దానికి గడ్డం గొంతు, ముద్దుగా, "ఇంకొక్కసారి పాడు బంగారం."

ఆవిడ పాడింది. కింద గుటక వినబడింది.

అప్పటిదాకా నా మనసులో ఒక మూల, చనిపోయినావిడ తాలూకు వ్యవహారమేమో ఇది అనే అనుమానం ఉండేది. దెయ్యమైతే దెయ్యమే, పేరూ ఊరూ ఉన్న మనిషి కదా అనుకున్నాను. కానీ ఇది ఆవిడ బతికుండగానే ఉంది. ఆవిణ్ణి తాగింది కూడా ఇదే.

పిచ్చుకని బయటికి తీసుకొచ్చి, ఇంటికి పోదాం పదమన్నాను.

"ఒక్క పాట మిగిలింది తాతయ్యా. ఒక్కటి! ఇప్పుడు వదిలేస్తే నా గొంతు తీసేసి ఇంకెవరినో పెట్టుకుంటారు. నేను పాడినట్టే ఉండదు."

"నోరు చూసుకున్నావా అద్దంలో?"

"నీళ్లు తాగుతున్నాగా. అరవకు."

వాళ్ల అమ్మ మొండితనం, మా ఆవిడ మొండితనం కలిపి మూసపోసిన పిల్ల అది. చివరికి ఒప్పందానికొచ్చాం. కొత్త స్పాంజి తొడిగితేనే పాడాలి. నేనే కొనుక్కొచ్చాను. పాతదాన్ని రెండు పుల్లలతో ఊడదీసి మూల పడేశాను. కొత్తది నా చేత్తో తొడిగాను. గడ్డం గుమ్మంలో నిలబడి, పాతది పడ్డ మూల వైపే చూస్తున్నాడు. ఆ చూపే నన్ను హెచ్చరించి ఉండాల్సింది.

"పాడే గదిలో లైటు తీసెయ్యండి," అన్నాడు. "ప్రేమ పాట వెలుతురులో పాడితే వార్తలు చదివినట్టుంటుంది."

పైన టైర్ల దుకాణంలో ఎవరో ఇనుప గొట్టం మీద సుత్తితో కొడుతున్నారు. మధ్యాహ్నం భోజనాలయ్యాక అందరూ ఆవులించే వేళ. గడ్డమే లోపలికెళ్లి లైటు తీసి వచ్చాడు. అద్దం నల్లగా అయింది. అందులో నా ముఖం, నా పక్కన గడ్డం ముఖం మాత్రమే.

హెడ్‌ఫోన్లు పెట్టుకున్నాను.

పిచ్చుక మొదలుపెట్టింది. చిన్నగా, గుసగుసలాంటి గొంతు. ఒక చరణం పాడింది. చప్పుడు లేదు. హమ్మయ్య అనుకున్నాను. రెండో చరణం మొదలుపెట్టబోయింది.

ఆ పిల్ల నోరు తెరిచేలోపే... ఇంకో నోరు తెరుచుకుంది.

తడిగా. నెమ్మదిగా. నా రెండు చెవుల మధ్య.

పిచ్చుక పాడుతోంది. దాని కింద నాకుతున్న చప్పుడు. తర్వాత పీలుస్తున్న చప్పుడు... పాలు తాగే పిల్ల ఆబగా పీల్చినట్టు. పాట సన్నబడింది. ఒక మాట సగంలో తెగింది. ఇంకో మాట రాలేదు. పాట ఆగిపోయింది.

పీల్చడం ఆగలేదు.

యంత్రం మీద చప్పుడు కొలిచే ముల్లు కదులుతూనే ఉంది.

"పిచ్చుకా!" అన్నాను.

"ఆపకండి మాస్టారూ..." పక్కనుంచి గడ్డం గుసగుసలాడాడు. కళ్లు తడిగా మెరుస్తున్నాయి. "అది తనే. ఇంకొంచెం తడి అందితే పాడుతుంది."

అప్పుడు చూశాను. నేను తొడిగిన కొత్త స్పాంజి అతని గుప్పిట్లో ఉంది.

లేచాను. ఈ వయసులో ఎలా పరిగెత్తానో తెలియదు. పాడే గది తలుపు తెరిచాను. చీకటి. ఆ వాసన. చేతులు చాచి తడిమితే పిల్ల భుజం తగిలింది, వెదురుకర్రలా బిగుసుకుని ఉంది. ముఖం తడిమాను. మూతి స్పాంజికి అతుక్కుపోయి ఉంది. వేళ్లు మధ్యలో దూర్చి లాగాను. రాలేదు. నా వేళ్లమీదుగా ఏదో మెత్తటిది, వెచ్చటిది, ఒక్కసారి రాసుకుంటూ పోయింది. అరిచి లాగాను. ఊడింది. ఊడిన చప్పుడు చెప్పను, ఆ చప్పుడు మాత్రం ఎవరికీ చెప్పను.

డప్పు ఎక్కడనుంచో వచ్చి లైటు వేశాడు. పిచ్చుక మూతి నుంచి మైకు దాకా చిక్కటి ఉమ్మి తీగ సాగి వేలాడుతోంది. పిల్ల నోట్లో మాత్రం చుక్క తడి లేదు. నాలుక బూడిద రంగు. డప్పు గోడకి తిరిగి భళ్లున కక్కుకున్నాడు. కక్కుతూనే మైకు మీది స్పాంజిని తన చొక్కాతో పట్టుకుని పీకాడు.

యంత్రాల గదిలో గడ్డం నేను విసిరేసిన హెడ్‌ఫోన్లు తీసి తన చెవులకి పెట్టుకున్నాడు. మేము పిల్లని మోసుకుంటూ అతని ముందునుంచే వెళ్లాం. "అది నీ భార్య కాదురా, ఆవిడ ఉన్నప్పుడే ఉంది!" అని అరిచాను. అతను కళ్లు మూసుకుని చిన్నగా తలూపుతున్నాడు, తాళానికి ఊపినట్టు.

టైర్ల దుకాణం వెనక ఇనుప డ్రమ్ములో స్పాంజిని కాల్చాం. చాలాసేపు అంటుకోలేదు. తడి మీద నిప్పు పెట్టినట్టు సుయ్యిమంటూనే ఉంది.

పిచ్చుక కోలుకుంది. గ్లూకోజు ఎక్కించారు. నోరు ఊరింది, పెదవులు మానాయి, నన్ను మళ్లీ తిట్టడం మొదలుపెట్టింది. ఆల్బమ్ బయటికి వచ్చింది. చివరి పాటని గడ్డం అలాగే వదిలేశాడు, పిల్ల ఆగిపోయాక వచ్చే ఆ చప్పుడుతో సహా. అది జనానికి తెగ నచ్చింది. పక్కలో పడుకుని చెవిలో పాడినట్టుందని రాశారు. ఆ పాట విన్నవాళ్ల మూతుల వంక చూడలేక నేను బజారుకి వెళ్లడం తగ్గించాను.

నిన్న పిచ్చుక ఉప్పు తగిలితే నాలుక మండుతోందంది. పళ్ల డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్లాను. ఆవిడ దీపం వంచి, నాలుకని గుడ్డతో పట్టుకుని చాలాసేపు చూసింది. తర్వాత నన్ను దగ్గరికి పిలిచింది.

"నిద్రలో నాలుక కొరుక్కుంటుందా అండీ?"

"ఏమో తల్లీ."

"కొరుక్కుంటే గాటు వంపు ఇటు తిరిగి ఉండాలి. ఇది ఎదురు తిరిగి ఉంది. ఎవరో ఎదురుగా ఉండి కొరికినట్టు." దీపం ఇంకా దగ్గరికి లాక్కుంది. "పైగా ఇంత చిన్న పళ్లు పెద్దవాళ్లవి కావు. పాలపళ్లు."

"పాతవే కదమ్మా?" అన్నాను. "అన్నీ ఆరోజువే కదా?"

"అడుగునవి మానిపోయాయి. ఈ చివరిది..." గుడ్డ తిప్పి నాకు చూపించింది. ఎర్రగా ఉంది. "ఇది ఇవాళ పొద్దుటిది."

ఆ పొద్దున ఇంట్లో మేమిద్దరమే ఉన్నాం. పిచ్చుక నా ఎదురుగానే కూర్చుని పేపరు చదువుకుంది. చదివినంతసేపూ నోరు తెరవనే లేదు.