బదులివ్వని లైట్లు

ఆ మలుపులో రాత్రిపూట ఎవరూ లారీ ఆపరు. టైరు పేలినా సరే, రిమ్ము మీద ఈడ్చుకుంటూ కొండ దిగి అక్కడ ఆపుకుంటారు గానీ, ఆ మలుపులో మాత్రం కాలు కింద పెట్టరు.

కొండంతా ఎక్కాక, రోడ్డు అవతలివైపు దిగడం మొదలుపెట్టేముందు వస్తుందది. ఒక పక్క రాతి గోడ, ఇంకో పక్క లోయ. చలికాలంలో అక్కడ పట్టే మంచుకి మన బండి ముందుభాగం మనకే కనపడదు. ఫోనుకి సిగ్నలుండదు. ఎప్పుడో ఒక చలికాలం అక్కడ బండి ఆగిపోయిన డ్రైవరొకడు, తెల్లారేసరికి క్యాబిన్లో కూర్చున్నవాడు కూర్చున్నట్టే బిగుసుకుపోయాడట. ఒంటిమీద దెబ్బ లేదు, గాయం లేదు.

అప్పట్నించీ మొదలయ్యాయి మాటలు... మంచు పడే రాత్రుల్లో ఆ గోడ పక్కన ఒక లారీ ఆగి ఉంటుందట. దీపం ఉండదట. దుప్పటి కప్పుకున్నవాడొకడు రోడ్డు మధ్యకొచ్చి చెయ్యూపుతాడట. ఆపారా — ఇక అంతే సంగతులు.

నాకు దెయ్యాల మీద నమ్మకం లేదు. పగటిపూట అస్సలు లేదు. ఈ కథ నాకు చెప్పింది మా అక్క మొగుడు. లారీ డ్రైవరు. గొంతు పెద్దది, మాట అంతకంటే పెద్దది. అందుకే తోటి డ్రైవర్లు ఆయన్ని 'హారన్' అంటారు. నేను విన్నది విన్నట్టు చెబుతున్నాను. మధ్యలో కోతలేమైనా తగిలితే అవి మా బావవి.

డ్రైవర్లకో పద్ధతుంది. దారిలో ఏ బండి ఆగిపోయి కనపడినా "ఏమైందన్నా?" అని అడక్కుండా దాటిపోకూడదు. జాకీ కావాలంటే జాకీ, పానా కావాలంటే పానా, తాళ్ళు కావాలంటే తాళ్ళు. చలికాలమైతే మరీను. ఈ పద్ధతికి ఆ మలుపు అడ్డొచ్చి కూర్చుంది. ఆపితే దెయ్యం భయం, ఆపకపోతే పాపభయం.

అదిగో, అప్పుడు మా బావ కొండ దిగువన ఉన్న టీ కొట్లో బల్ల గుద్ది ఒక ఉపాయం చెప్పాడు.

"దూరం నుంచే రెండుసార్లు లైట్లు కొట్టండి. ఆగినవాడు మనిషైతే వాడూ కొడతాడు. ముందువో, వెనకవో, ఏవో ఒకటి వేసి ఆర్పుతాడు. దెయ్యం బండికి బ్యాటరీ ఎక్కడుంటుందిరా?"

అందరికీ తెగ నచ్చేసింది. అప్పట్నించీ ఆ దారిన తిరిగేవాళ్ళకి అదే శాసనం. లైట్లు తిరిగి కొడితే ఆగడం, కొట్టకపోతే బండిని దౌడు తీయించడం. బావ మా ఇంటికొచ్చినప్పుడల్లా ఈ ఉపాయం సంగతి ఎత్తేవాడు. మా అక్క వినీ వినీ, ఆయన 'ఆ మలుపులో' అనగానే లేచి వంటింట్లోకి వెళ్ళిపోయేది.

పోయిన చలికాలం, వాష్‌బేసిన్ల లోడేసుకుని బావ ఒక్కడే ఆ కొండెక్కుతున్నాడు. బాగా పొద్దుపోయింది. మంచు దిగింది. మలుపు వచ్చింది... ఇంజను రెండుసార్లు దగ్గింది... ఆగిపోయింది.

చలికి డీజిలు పేరుకుపోయింది, అంతే. అలాంటప్పుడు దిగి, ఫిల్టరు మీద వేణ్ణీళ్ళు పోసి కరిగిస్తే బండి కదులుతుంది. ఆ సంగతి బావకి తెలుసు. కానీ ఆ చోట దిగాలంటే కాళ్ళు రాలేదు. సీట్లోంచి కదలకుండా సెల్ఫు కొట్టాడు. మళ్ళీ కొట్టాడు. కొడుతూనే ఉన్నాడు. చివరికి 'టిక్' అని ఒక చిన్న చప్పుడు వచ్చింది. డాష్‌బోర్డు మీది దీపాలు మినుకుమినుకుమని ఆరిపోయాయి.

బ్యాటరీ దిగిపోయింది. ఫోను సిగ్నలు వెతుక్కుంటూ అంతకుముందే చచ్చింది.

చీకటి. కళ్ళు తెరిచినా మూసినా ఒకటే. గోడమీంచి నీటిచుక్క ఎక్కడో టప్... టప్ మంటోంది. కాసేపటికి కాలివేళ్ళు ఉన్నాయో లేవో తెలియలేదు బావకి. కూర్చున్నచోటే బిగుసుకుపోయిన ఆ డ్రైవరు గుర్తొచ్చాడు. ఇంట్లో మా అక్క గుర్తొచ్చింది. ఇలా కూర్చుంటే తెల్లారేదాకా బతకనని అప్పుడు గట్టిగా తెలిసింది. దుప్పటి ఒంటికి చుట్టుకుని దిగాడు.

వెనక, దూరంగా... లైట్లు!

ప్రాణం లేచొచ్చింది. రోడ్డు మధ్యకెళ్ళి రెండు చేతులూ ఊపాడు. వస్తున్న లారీ నెమ్మదించింది. ఆగింది. రెండుసార్లు లైట్లు కొట్టింది.

ఎదురుచూస్తోంది...

అప్పుడు అర్థమైంది బావకి — వాడు దేనికోసం ఎదురుచూస్తున్నాడో. తను ఇప్పుడు లైట్లు కొట్టాలి. ఏం పెట్టి కొడతాడు?

"రేయ్... నేనురా... హారన్ని!"

అరిచాననే అనుకున్నాడు. గడ్డకట్టిన గొంతులోంచి తొక్కిన పిల్లి చేసే చప్పుడులాంటిదేదో వచ్చింది. లారీ గయ్యిమని పక్కనుంచి దూసుకుపోయింది. పోతూ పోతూ అది కొట్టిన హారన్ మోతని బావ గుర్తుపట్టాడు. అది గుండుగాడి లారీ. ఉపాయం చెప్పిన రోజు పక్కనే కూర్చుని అందరికంటే ఎక్కువ చప్పట్లు కొట్టింది వాడే.

ఆ తర్వాత ఇంకొకడు. వాడూ ఆగాడు, రెండుసార్లు కొట్టాడు, తుర్రుమన్నాడు. తను తీసిన గోతిలో తనే పడ్డానని బావకి నవ్వూ ఏడుపూ ఒకేసారి వచ్చాయట. నవ్వడానికి మూతి కదలలేదు.

మూడో బండి వచ్చింది. రెండుసార్లు లైట్లు కొట్టింది. ఎదురుచూసింది. చాలాసేపు ఎదురుచూసింది...

పోలేదు.

తలుపు తెరుచుకుంది. ఒకడు దిగాడు. సన్నగా, గాలికి ఊగేలా ఉన్నాడు. తలచుట్టూ మఫ్లరు — కళ్ళు తప్ప ఏమీ కనపడటం లేదు. అడుగులో అడుగేసుకుంటూ వచ్చి, ఇంకా దూరంలోనే ఆగిపోయాడు.

బావకి ముందు సంతోషం. వెంటనే అనుమానం.

ఈ దారి తెలిసినవాడెవడూ, బదులు రాని బండి దగ్గర ఆగడు. వీడు లైట్లు కొట్టాడంటే దారి తెలిసినవాడే. మరి తెలిసీ ఎందుకాగాడు? దొంగా? దొంగైతే వాష్‌బేసిన్లు ఏం చేసుకుంటాడు? దొంగ కాకపోతే... మరి ఎవరు?

"డీజిలు గడ్డకట్టిందన్నా. బ్యాటరీ కూడా పోయింది. ఏ ఊరు మీది?"

 వాడు బావ ముఖంకేసి చూడటం లేదు. కిందకి... కాళ్ళకేసే చూస్తున్నాడు.

తర్వాత తన బండిలోంచి స్టవ్వు తెచ్చి నీళ్ళు కాచాడు. బావ గిన్నె అందుకోబోతే చటుక్కున చెయ్యి వెనక్కి లాక్కున్నాడు. వేణ్ణీళ్ళు తొణికి బావ చేతిమీద పడి చురుక్కుమంది. పానా అడిగితే చేతికివ్వలేదు. నేలమీద పెట్టి, నాలుగడుగులు వెనక్కి నడిచి, తీసుకొమ్మన్నట్టు సైగ చేశాడు. మఫ్లరు వెనక పెదాలు కదులుతూనే ఉన్నాయి. మాట మాత్రం బయటకి రావడం లేదు.

మనుషులెవరైనా ఇలా ఉంటారా? అనుకున్నాడు బావ. అయినా ఆ నీళ్ళు కావాలి. ఆ కరెంటు కావాలి. పులినోట్లో తల పెట్టాక ఇక పళ్ళు లెక్కపెట్టి ఏం లాభమని, నోరు మూసుకుని పని చేసుకున్నాడు.

వాడు తన లారీని బావ లారీ పక్కకి తెచ్చి నిలిపాడు. ఇంజను ఆపాడు. తన బ్యాటరీ నుంచి దీనికి వైర్లు తగిలించాడు. బావ క్యాబినెక్కుతుంటే వెనకనుంచి ఒక గుసగుస —

"వెళ్ళిపో... ఇంక వెళ్ళిపో."

బావ తల తిప్పలేదు. సెల్ఫు కొట్టాడు. ఇంజను గుర్రుమని లేచింది. వైర్లు ఊడదీసిన చప్పుడు వినపడటమే ఆలస్యం, గేరేశాడు. థ్యాంక్స్ లేదు, పాడూ లేదు.

కొంచెం కదిలాక సైడు అద్దంలో చూశాడు. వెనక దీపాల ఎర్రటి వెలుగులో... వాడు. పరిగెత్తుకొస్తున్నాడు. రెండు చేతులూ పైకెత్తి ఊపుతూ, నోరు తెరిచి —

"ఆగు... ఆగు..."

ఇప్పుడేగా వెళ్ళిపొమ్మన్నాడు! బావకి పై ప్రాణాలు పైనే పోయాయి. ఆ తర్వాత బ్రేకుమీద కాలు పెట్టింది కొండ దిగాక, టీ కొట్టు ముందే.

కొట్లో గుండుగాడు అందరి మధ్యా నిలబడి చెబుతున్నాడు. "తాటిచెట్టంత ఉన్నాడంటే నమ్మండి! దుప్పటి కప్పుకుని రోడ్డుకి అడ్డంగా నిలబడి, పిల్లిలా అరిచాడు. నా పేరు పెట్టి పిలిచాడు కూడా!"

అప్పుడే గుమ్మంలో బావ. అదే దుప్పటి. గుండుగాడి చేతిలో గ్లాసు కిందపడి ముక్కలైంది.

"పిలిచింది నేనేరా, వెధవా!" అన్నాడు బావ. పొయ్యి పక్కన కూలబడి జరిగిందంతా చెప్పాడు.

"మరి లైట్లెందుకు కొట్టలేదు?" అన్నాడు గుండు, కోపంగా.

"బ్యాటరీ దిగిపోతే ఎక్కణ్ణించి కొట్టమంటావురా?"

 దొంగకి తేలు కుట్టినట్టు ఎవరి గ్లాసులోకి వాళ్ళు చూసుకున్నారు. బదులు రాలేదని వాళ్ళు వదిలేసొచ్చిన బండ్లు ఎన్నెన్నో... వాటి పక్కన చేతులూపినవాళ్ళు ఎవరెవరో...

"సరే, నువ్వు మనిషివే," అని గొణిగాడు గుండు. "మరి నీకు కరెంటిచ్చినవాడు?"

బావ నోరు తెరిచేలోగా ఒక ట్యాంకరు డ్రైవరు లోపలికొచ్చాడు. ముఖంలో నెత్తురుచుక్క లేదు.

"మలుపులో ఉన్నాడు," అన్నాడు గుసగుసగా. "గోడ పక్కనే. నేను రెండుసార్లు కొట్టాను. తిరిగి కొట్టలేదు."

"సన్నగా... తలకి మఫ్లరు?" అన్నాడు బావ.

"అవును. నీకెలా తెలుసు?"

"వాడే!" అన్నాడు గుండు. "నేను చెప్పలేదూ!"

బావ చేతికేసి చూసుకున్నాడు. వేణ్ణీళ్ళు పడ్డచోట బొబ్బ లేచి మండుతోంది. దెయ్యం స్టవ్వు వెలిగించి నీళ్ళు కాస్తుందా? వాడు వైర్లు తగిలించేముందు తన ఇంజను ఆపాడు. మళ్ళీ స్టార్టు చేసిన చప్పుడు తను విన్నాడా? ఎంత గుర్తుచేసుకున్నా... వినలేదు.

నిన్నగాక మొన్న స్టీరింగు పట్టినవాడికి కూడా తెలిసిన పద్ధతది. కరెంటు తీసుకున్నవాడు, ఇచ్చినవాడి బండి కదిలేదాకా కదలకూడదు. ఉన్నదంతా మనకిచ్చేసి వాడే ఆగిపోవచ్చు.

ఆగు, ఆగు అంటూ వాడు పరిగెత్తింది అందుకే.

"లేవరా గుండూ. వైర్లు తీసుకో," అన్నాడు బావ.

"నాకు పెళ్ళాం పిల్లలున్నారు!"

"వాడికీ ఉంటారు."

ఫ్లాస్కునిండా టీ పోయించుకుని, ఖాళీగా ఉన్న గుండుగాడి లారీలో ఇద్దరూ మళ్ళీ కొండెక్కారు. దారంతా గుండు తిడుతూనే ఉన్నాడు. మలుపు దగ్గరికొచ్చేసరికి తిట్లు ఆగిపోయాయి. మంచులో నల్లగా ఒక లారీ... దీపం లేదు... రోడ్డుమీద మనిషి లేడు. గుండు చెయ్యి అలవాటుగా లైట్ల మీటమీదకి పోయింది. బావ ఆ చెయ్యి గట్టిగా పట్టుకున్నాడు.

"వద్దు. అడగొద్దు. ఆపెయ్."

దిగి, ఆ క్యాబిన్ తలుపు లాగాడు. లోపల వాడు కూర్చుని ఉన్నాడు. తల పక్కకి వాలిపోయి ఉంది. కళ్ళు మూసుకుపోయి ఉన్నాయి. కూర్చున్నవాడు కూర్చున్నట్టే... నా మూలంగా ఒక మనిషి చచ్చిపోయాడు అనుకున్నాడు బావ. దుఃఖం ముంచుకొచ్చింది. భుజం పట్టి ఊపాడు, మళ్ళీ ఊపాడు, చెంపలు రుద్దాడు.

కళ్ళు మెల్లగా తెరుచుకున్నాయి. బావని చూసి వాడు అవతలి తలుపుదాకా జరిగిపోయాడు.

"మళ్ళీ వచ్చావా..." అన్నాడు, పళ్ళు కటకటలాడుతుంటే. "ఉన్నదంతా నీకే ఇచ్చేశాను కదా... నా దగ్గర ఇంకేం లేదు..."

బావకి ఒక్క క్షణం అర్థం కాలేదు. తర్వాత ఒక్కొక్కటే గుర్తొచ్చింది. వాడు కాళ్ళకేసి చూడటం, చేతికి చెయ్యి తగలనివ్వకపోవడం, పానా నేలమీద పెట్టడం, వెళ్ళిపో వెళ్ళిపో అనడం...

"నేను మనిషినే, తమ్ముడూ," అన్నాడు. "చూడు, చేతిమీద బొబ్బ. నువ్వు పోసిందే."

గుండు టీ పోసిచ్చాడు. గ్లాసు వాడి చేతుల్లో నిలవకపోతే బావే పట్టుకుని తాగించాడు. వాడి బుగ్గల్లోకి కాస్త రంగొచ్చాక అడిగాడు.

"నేను దెయ్యాన్నే అనుకున్నావా?"

"లైట్లు కొట్టాగా... బదులు రాలేదు. ఇంక అనుమానమేముంది?"

"మరి ఎందుకాగావయ్యా?"

వాడు టీ గ్లాసుకేసి చూశాడు. ఏదో తప్పు చేసినవాడిలా సిగ్గుపడుతూ, చిన్నగా చెప్పాడు.

"పోదామనే గేరేశానన్నా. కానీ మీరు దుప్పట్లో ఒకటే వణికిపోతున్నారు. అయ్యో... చచ్చిపోయాక కూడా చలి వదల్లేదే పాపం, అనిపించింది. దిగేశాను."