చిన్నరాములు అనని మాట

మొదటి పీరియడ్ సగమైపోయింది. ఏడో తరగతి గది బయట వరండాలో మణెమ్మ ఇంకా నిలబడే ఉంది. ఆమె వెనక లక్డారం ఊరి పిల్లలు మరో నలుగురు. అందరి చంకల్లోనూ గుడ్డ సంచులు, మోకాళ్ల దాకా దుమ్ము.

కిటికీ పక్కన కూర్చున్న సుమిత్రకు కడుపు మండిపోతోంది. పది రోజుల నుంచీ ఇదే తంతు. లక్డారం పిల్లలు పావుగంట ఆలస్యంగా రావడం, హెడ్మాస్టర్ నరసింహమూర్తి గారు వాళ్లను బయట నిలబెట్టడం! ఇవాళ గురువారం. ఇవాళ ఆయన ఇంకో మాట కూడా అన్నారు.

"సోమవారం నుంచి నిలబెట్టేది లేదు. గంట కొట్టాక వచ్చినవాళ్లు వచ్చిన దారినే ఇంటికి వెళ్లిపోవచ్చు."

"ఫ్యాక్టరీ సైరన్ కూయంగనె బయల్దేరినం సార్," అంది మణెమ్మ నేల చూపులు చూస్తూ.

"సైరన్ రోజూ కూస్తూనే ఉంది కదమ్మా! పోయిన నెలంతా గంటకు పావుగంట ముందే వచ్చారుగా?"

లక్డారంలో వాళ్ల వాడలో ఎవరింట్లోనూ గడియారం లేదు. సైరన్ వినబడితే బువ్వ గిన్నె కడిగేసి, సంచి తగిలించుకుని, చేల గట్ల మీదుగా పటాన్‌చెరు దాకా నడవాలి. గంటంబావు నడక. ఇప్పుడూ అలాగే నడుస్తున్నారు. ఆలస్యం ఎక్కడి నుంచి వస్తోందో వాళ్లకే అంతుబట్టడం లేదు.

"ఒక్కసారి వాపస్ పంపిండ్రంటె సాలు," అంది మణెమ్మ ఇంటర్వెల్‌లో, కళ్లు తుడుచుకుంటూ. "మా నాయనమ్మ బడి బంద్ వెట్టుమంటది. మేకలెంబడి పొమ్మంటది."

"నేనున్న గద! సార్‌తోని నేను కొట్లాడుత," అంది సుమిత్ర.

సుమిత్ర బజారులో జొన్నల దుకాణం కైలాసం గారి అమ్మాయి. పుట్టింది మొదలు బేరాలు వింటూ పెరిగిన పిల్ల. మాటకు మాట అప్పజెప్పడంలో ఆమె తర్వాతే ఎవరైనా. మణెమ్మ అలా కాదు. నోట్లో నాలుక లేని పిల్ల. అందుకే కాబోలు, ఇద్దరికీ అంత జత కుదిరింది.

ఆ మధ్యాహ్నం తెలుగు పీరియడ్‌లో సుమిత్రకు దారి దొరికింది. పద్మావతి టీచర్ ఆ వారమే వాదన రాయడం నేర్పుతున్నారు. ఆవిడ రాజమండ్రి వైపు మనిషి. భర్తకు రామచంద్రాపురం పెద్ద ఫ్యాక్టరీలో ఉద్యోగం రావడంతో ఇటు వచ్చారు.

"గట్టిగా అరిస్తే వాదన అయిపోదర్రా," అన్నారు టీచర్. "ముందు నువ్వు చెప్పదలుచుకున్న మాట. తర్వాత దానికి కారణం. ఆ తర్వాత ఆ కారణం నీకెలా తెలిసిందో చెప్పాలి. చూశావా? చదివావా? ఎవరైనా చెప్పారా?"

బోర్డు మీద కొటేషన్ గుర్తులు వేసి చూపించారు. "వీటి మధ్య రాసేది అవతలి మనిషి నోటి మాట. ఆ మనిషి ఎంత అంటే అంతే రాయాలి. రేపటికి తలా ఒక ఉత్తరం రాసుకు రండి. బాగున్నది హెడ్మాస్టరు గారికి చూపిస్తాను."

సుమిత్ర ఆ సాయంత్రమే రాసింది. రెండు పేజీలు నిండా రాసింది. లక్డారం పిల్లలు బంగారు తల్లులనీ, తప్పంతా ఫ్యాక్టరీదేననీ, గేటు దగ్గర సైరన్ కొట్టే మనిషి నిద్రపోతున్నాడనీ రాసింది. రాశాక చదువుకుంటే తనకే ఒళ్లు పులకరించింది.

మర్నాడు కాగితం తిరిగొచ్చింది. 'నిద్రపోతున్నాడు' అన్నచోట ఎర్ర సిరాతో టీచర్ ఒకే ప్రశ్న రాశారు. 'ఎవరు చెప్పారు?'

ఎవరూ చెప్పలేదు. మణెమ్మ నాన్న చిన్నరాములు సైరన్ కూసే ఆ పటాన్‌చెరు ఫ్యాక్టరీలోనే రోజుకూలీ. సైరన్ కొట్టడానికి కొత్త మనిషి వచ్చాడని ఆయన ఇంట్లో అంటే, మణెమ్మ విని సుమిత్రకు చెప్పింది. కొత్తవాడు కాబట్టి నిద్రపోతుంటాడని సుమిత్ర అనుకుంది. అనుకున్నది కాస్తా రాసేసింది.

ఇప్పుడు పేరు కావాలి. పేరుంటేనే వాదన నిలబడుతుంది. సుమిత్ర కలం మూత తీసి రాసింది: ఆ ఫ్యాక్టరీలో పనిచేసే లక్డారం చిన్నరాములు గారు ఇట్లా చెప్పారు. "సైరన్ కొట్టేవాడు రోజూ నిద్రపోతాడు."

కొటేషన్ గుర్తులు మాత్రం ముత్యాల్లా పెట్టి, కాగితం మళ్లీ టీచర్‌కి ఇచ్చింది.

మధ్యాహ్నం నరసింహమూర్తి గారే క్లాసుకి వచ్చారు. చేతిలో సుమిత్ర ఉత్తరం ఉంది.

"భేష్! ఊరికే అనకుండా మనిషి పేరుతో సహా రాసింది ఈ అమ్మాయి. రేపు ఈ కాగితం ఫ్యాక్టరీ మేనేజరు గారికి పంపిస్తాను. ఆయనే సంజాయిషీ చెబుతారు."

సుమిత్ర ముఖం వెలిగిపోయింది. పక్కకు తిరిగి మణెమ్మను చూసింది. మణెమ్మ ముఖంలో నెత్తుటి చుక్క లేదు.

సార్ వెళ్లగానే మణెమ్మ ఆమె రెక్క పట్టి వరండాలోకి లాక్కొచ్చింది.

"మా నాయన గట్ల ఎప్పుడన్నడే?"

"కొత్తోడు వచ్చిండని అన్నడు గద..."

"కొత్తోడు వచ్చిండన్నడు. పండుకుంటుండని అన్నడా? మేనేజర్ సదివితె మా నాయన్ని పనిల ఉంచుతడా? నన్నడిగినవా? మా నాయన్నడిగినవా?"

మణెమ్మ అంత గట్టిగా మాట్లాడగా సుమిత్ర ఎన్నడూ వినలేదు. అయ్యో, మేలు చేద్దామని పోయి ఎంత పని చేసింది! తన మాట తన పేరుతో రాసుకుంటే తనకే చీవాట్లు పడేవి. ఇప్పుడు ఆ మాట చిన్నరాములు మెడకు చుట్టుకుంది.

హెడ్మాస్టర్ గది బయట సుమిత్ర మూడుసార్లు వెనక్కి తిరిగింది. నాలుగోసారి లోపలికి వెళ్లింది.

"ఆ ఉత్తరం పంపకుండ్రి సార్. చిన్నరాములు కాక ఆ మాట అనలే. నేనే రాసిన."

నరసింహమూర్తి గారు కళ్లజోడు తీసి టేబుల్ మీద పెట్టారు.

"ఎందుకు రాశావు?"

"పేరుంటె మీరు నమ్ముతరని."

"నమ్మాను కదా. ఇప్పుడేం చెయ్యను? ఈ రెండు పేజీల్లో ఇంకేం నిజమో, ఏం కాదో నాకెలా తెలుస్తుంది?" ఆయన కోప్పడలేదు. కోప్పడినా బాగుండేది అనిపించింది సుమిత్రకు. కాగితం తిరిగి ఇచ్చేస్తూ, "సోమవారం మాట సోమవారమే," అన్నారు.

చిన్నరాములు పని ఊడకుండా నిలిచింది. మణెమ్మ చదువు సంగతి మాత్రం మళ్లీ మొదటికొచ్చింది. పైగా ఇప్పుడు వాళ్ల తరఫున ఎవరేం చెప్పినా సార్ నమ్మరు.

శనివారం పొద్దున సుమిత్ర జడ వేసుకుంటుంటే సైరన్ కూసింది. చెయ్యి ఆగిపోయింది. గోడ గడియారం వైపు చూసింది. ఎనిమిదిన్నర.

"నాయినా, సైరన్ ఎప్పుడూ ఎనిమిదిన్నరకే కూస్తదా?"

కైలాసం గారు దుకాణానికి వెళ్లబోతూ చెప్పులు వెతుక్కుంటున్నారు. "నాకేం ఎరుక బిడ్డా? ఇంట్ల గడియారం ఉన్నంక సైరన్‌తోని ఏం పని?"

నిజమే. సుమిత్ర ఇన్నేళ్లుగా ఆ కూత వింటూనే ఉంది. ఏనాడూ పట్టించుకోలేదు.

శనివారం ఒంటిపూట బడి. మణెమ్మ ఇంకా ముభావంగానే ఉంది. అయినా సుమిత్ర వదల్లేదు.

"మీ నాయన్ని అడుగుదాం పా. ఈసారి అడిగే రాస్త. తోడు రావే, జెర."

రెండు గంటలకు పొద్దటి షిఫ్టు వదిలారు. గేటు బయటి చింతచెట్టు కింద ఇద్దరూ నిలబడ్డారు. చిన్నరాములు తలగుడ్డ విప్పి ముఖం తుడుచుకుంటూ వచ్చాడు. కూతుర్ని చూసి కంగారు పడ్డాడు.

"ఏందే, గిట్లొచ్చినవ్? ఇంటికాడ అందరు బాగనె ఉన్నరా?"

సుమిత్ర ముందు తన తప్పు చెప్పింది. నిద్ర మాట వచ్చినప్పుడు చిన్నరాములు ఒకసారి గేటు వైపు, ఒకసారి ఆమె వైపు చూశాడు.

"గా కొత్తాయన మంచోడు బిడ్డా. పాపం, పండుకునేదేం లేదు. జనరల్ షిఫ్ట్ టైమే మారింది. ఎనిమిదికి ఉండేది. ఈ నెల నుంచి ఎనిమిదిన్నర చేసిండ్రు. అగో, నోటీసు గూడ పెట్టిండ్రు."

"మరి మాకెందుకు చెప్పలేదు నాయినా?" అంది మణెమ్మ.

"నాది ఆరింటి షిఫ్ట్, కోడి కూయకముందే ఇల్లిడిసి వస్త. మీరు సైరన్ వట్టుకొని బడికి పోతరని నాకేం ఎరుక?" చిన్నరాములు తల గోక్కున్నాడు. "అరగంట గీడ వోయింది సూడు!"

గేటు పక్కన చెక్క బోర్డు ఉంది. సుమిత్ర దాని దగ్గరికి వెళ్లి, నోటీసును అక్షరం పొల్లుపోకుండా నోట్‌బుక్‌లో ఎక్కించుకుంది. సెప్టెంబరు రెండో తారీఖు, సోమవారం నుంచి అని ఉంది. పిల్లలకు ఆలస్యం మొదలైంది ఆ రోజే.

"కాకా, నోటీసు సంగతి నేను చూసిన కాబట్టి నా పేరుతోనే రాస్త. పొద్దుగాల మీరు ఇంట్ల ఉండరన్న మాట మాత్రం మీది. మీ పేరు రాయొచ్చా?"

చిన్నరాములు తలగుడ్డ మళ్లీ చుట్టుకున్నాడు. "రాయి. రాసినంక నాకు సదివి వినిపియ్యి."

సుమిత్ర అక్కడే రాయి మీద కూర్చుని రాసి, చదివింది. చిన్నరాములుకు చదువు రాదు. కానీ చెవులు చాలా పదునైనవి.

"'పిల్లల సంగతి నాకు పట్టదు' అంటివేంది? నేను గట్లంటినా? ఎరుక లేదంటి. పట్టకపోవుడు వేరె, ఎరుక లేకపోవుడు వేరె."

సుమిత్ర కొట్టేసి మళ్లీ రాసింది. మళ్లీ చదివింది.

"ఆఁ. ఇది నా మాట," అన్నాడు చిన్నరాములు.

సోమవారం ప్రార్థన అయిపోయింది. గంట కొట్టి పావుగంటయ్యాక లక్డారం పిల్లలు పరుగెత్తుకుంటూ వచ్చారు. మణెమ్మ అందర్నీ ముందే లేపింది. కానీ ఆకాశమంతా మబ్బు. పొద్దెక్కిందో లేదో తెలియక, ఇంకా వేళ కాలేదనుకుంటూనే వాళ్లు సైరన్ కూసేదాకా కూర్చుండిపోయారు. హెడ్మాస్టర్ గేటు దగ్గరే నిలబడి ఉన్నారు.

సుమిత్ర ఆయన ముందుకు వెళ్లి కాగితం చాపింది. ఈసారి పట్టుమని పది వాక్యాలు లేవు. బంగారు తల్లులు లేరు. నోటీసులో ఏముందో, తానది ఏ రోజు చూసిందో ఉంది. శనివారం సైరన్ తమ ఇంటి గడియారంలో ఎన్నింటికి కూసిందో ఉంది. చిన్నరాములు మాట ఉంది.

నరసింహమూర్తి గారు రెండుసార్లు చదివారు.

"ఈ మాట అతను అన్నాడా?"

"అన్నడు సార్. రాసినంక చదివి వినిపించిన. ఒకచోట తప్పు రాస్తె ఆయనే దిద్దిండు."

సార్ వరండా వైపు చూశారు. "పది రోజులు బయట నిలబెట్టాను వీళ్లను," అన్నారు మెల్లగా, ఎవరితోనూ కాకుండా. తర్వాత పిల్లల వైపు తిరిగారు. "లోపలికి రండర్రా, అందరూ. సరే సుమిత్రా, మరి రేపటి నుంచి వీళ్లు టైముకి రావాలంటే ఏం చెయ్యాలంటావు?"

సుమిత్ర నాలుక చివర మాట సిద్ధంగానే ఉంది. ఒకటి కాదు, నాలుగున్నాయి. ప్రార్థన వెనక్కి జరపమనొచ్చు. ఊరికో గడియారం కొనమనొచ్చు. నోరు తెరిచింది. మళ్లీ మూసుకుంది.

"నాకు తెల్వది సార్. నేనెన్నడు లక్డారం నుంచి నడిచి రాలే. మణెమ్మను అడగుండ్రి."

మణెమ్మ ఉలిక్కిపడింది. సుమిత్ర పక్కకు జరిగి ఆమెకు చోటిచ్చింది.

"పొద్దుగాల మా ఊర్ల పాల సైకిలాయన వస్తడు సార్," అంది మణెమ్మ. గొంతు మొదట సన్నగా వచ్చింది. "సైరన్ కన్న ముందే. ఆయన పోంగనె మేం బయల్దేరుతం. ఆయన చేతికి గడియారం ఉన్నది. ఎన్ని గంటలకొస్తడో రేపు పొద్దుగాల ఆయన్నే అడిగి చెప్త."

నరసింహమూర్తి గారు జేబులోంచి కలం తీశారు. సుమిత్ర ఉత్తరం కింద ఖాళీగా ఉన్నచోట 'మణెమ్మ చెప్పినది' అని రాసి, ఆమె వైపు కాస్త వంగారు.

"మళ్లీ చెప్పమ్మా, నెమ్మదిగా. నువ్వన్నది అన్నట్టే రాసుకుంటాను."