జిన్ను మిల్లు దగ్గర గట్టిగా మాట్లాడకు

అద్దంకి రోడ్డు మీద, ఊరు దాటగానే ఎడం పక్కన పాడుబడ్డ పత్తి మిల్లు ఒకటుంది. ఊరివాళ్ళు జిన్ను మిల్లంటారు. చీకటి పడ్డాక దాని ముందు నుంచి వెళ్ళేవాళ్ళెవరూ నోరు విప్పరు. ఎన్నికలప్పుడు ప్రచారం ఆటో కూడా అక్కడికి రాగానే మైకు కట్టేసి, దాటాక మళ్ళీ మొదలుపెడుతుంది.

ఎందుకంటే... గట్టిగా మాట్లాడితే లోపల్నుంచి ఓ ఆడగొంతు వినపడుతుందట—

"నెమ్మదిగా... బిడ్డ లేస్తది."

ఆ గొంతు అంకమ్మదని చెప్పుకుంటారు. వెనకటికి మిల్లు ఆడే రోజుల్లో అంకమ్మ అక్కడ రాత్రి డ్యూటీ చేసేది. చంటిబిడ్డని చూసే దిక్కు లేక, మిల్లులోనే ఇనప దూలానికి పాతచీరతో ఉయ్యాల కట్టి, ఒక చేత్తో పత్తి తోస్తూ ఇంకో చేత్తో ఉయ్యాల ఊపేది. ఓ రాత్రి దూదికి నిప్పంటుకుంది. ఎవరో పుణ్యాత్ముడు బిడ్డని ముందే బయటికి తెచ్చేశాడు. ఆ సంగతి అంకమ్మకి చెప్పినవాడు మాత్రం లేడు. బిడ్డ కోసం లోపలికి పరిగెత్తింది... మళ్ళీ రాలేదు. ఇప్పటికీ ఖాళీ ఉయ్యాలే ఊపుతోందని ఊళ్ళో నమ్మకం.

ఆ బిడ్డే యలమంద. ఇప్పుడు మనవల్ని ఎత్తుకున్న మనిషి. మిరపకాయల కల్లం దగ్గర కాపలా పడుకోడానికి రోజూ రాత్రి ఆ మిల్లు ముందు నుంచే పోవాలి. అక్కడికి రాగానే బండి యాక్సిలేటరు మెలితిప్పేస్తాడు.

"మీ అమ్మేగదరా, నిన్నేం చేస్తది?" అని ఎవరన్నా ఏడిపిస్తే—

"అమ్మయినా దెయ్యం దెయ్యమేగా!" అంటాడు. అదీ నిజమే.

సరే, భానుశ్రీ సంగతికి వద్దాం.

భానుశ్రీది ఆ ఊరే. ఇంగ్లండులో నర్సు. మొగుడు శివనాగరాజు పగలు పార్సిళ్ళ గోడౌన్లో, ఈవిడ రాత్రి ఆసుపత్రిలో, మధ్యలో మహిమ అని ఒకటో క్లాసు కూతురు. మొగుడూ పెళ్ళాం గుమ్మంలో ఎదురుపడి పిల్లనీ ఇంటి తాళాలనీ చేతులు మార్చుకునే కాపురం. పొద్దున్నే డ్యూటీ దిగొచ్చి, కళ్ళు మూతలు పడుతుంటే పిల్లకి జడలేసి, పాలు తాగించి, బూట్లు తొడిగి బడికి తోలాలి. దేశం మారినంత మాత్రాన నోరు మారుతుందా? 'చంపేస్తా', 'తోలు తీస్తా', 'నా రక్తం తాగకే' — ఈ మూడూ అనకుండా మన వైపు తల్లి పిల్లకి బూట్లు తొడగడం ఎక్కడైనా ఉందా?

మహిమకి అవి సుప్రభాతం. ఓరోజు బడిలో టీచరు, "మీ అమ్మ పొద్దున్నే నీతో ఏమంటుంది?" అని అడిగితే, పాపం, పిల్ల చక్కగా ఇంగ్లీషులోకి మార్చి చెప్పింది. చంపుతానంటుంది, చర్మం ఒలుస్తానంటుంది, నేను తన రక్తం తాగుతున్నానంటుంది — అని. నవ్వుతూనే చెప్పిందట. టీచరు మాత్రం నవ్వలేదు.

ఈస్టరు సెలవులకి తల్లీకూతుళ్ళు ఊళ్ళో ఇలా దిగారో లేదో, అలా మెయిలొచ్చింది. పిల్లల బాగోగులు చూసే ఆఫీసరమ్మ భానుశ్రీతో వీడియోలో మాట్లాడాలట. ఆ తెలుగు మాటలకి అసలర్థమేమిటో తేల్చడానికి ఒక ఇంటర్‌ప్రెటర్ని కూడా పెడతారట. తేడా వస్తే, తిరిగి వెళ్ళాక పిల్లని తన దగ్గర ఉండనిస్తారో లేదో... ఆ మాట అనుకున్నప్పటి నుంచీ భానుశ్రీకి ముద్ద దిగడం లేదు.

ఎవరికైనా చెప్పుకుందామంటే పరువు. మేనత్త వెంకటరావమ్మకి తెలిస్తే ఇంకేమన్నా ఉందా! ఆవిడ గుసగుసలాడినా పక్కూరికి వినపడుతుంది.

ఇంకో చిక్కు కూడా ఉంది. తాము దిగిన ఆ అత్త ఇంట్లో సిగ్నలు అందదు. వీడియో పెడితే మొహం నోరు తెరిచినచోటే బిగుసుకుపోతుంది. ఊరికున్న టవరొక్కటే. దెయ్యం ఉన్నచోటు చవగ్గా వచ్చిందని కంపెనీ వాళ్ళు దాన్ని మిల్లు ఆవరణలోనే పాతారు.

అక్కడ సాయంత్రం టీ వేళంటే ఇక్కడ బాగా చీకటిపడ్డాకే. భానుశ్రీ మహిమని నిద్రపుచ్చి, అత్తతో "ఆసుపత్రి వాళ్ళ మీటింగుంది, మేడ మీదుంటా" అని చెప్పి, పెరటి దారిన మిల్లుకి నడిచింది. దెయ్యమంటే భయం లేక కాదు. ఆఫీసరమ్మంటే ఇంకా భయం.

మిల్లులో... చీకటి. మసిబారిన దూలాలు. పైనెక్కడో గబ్బిలాల చప్పుడు.

పత్తి బేళ్ళు దించే అరుగు మీద కూర్చుని ఫోను ఇటుకకి ఆనించింది. తెర మీద ఆఫీసరమ్మ మొహం ఒక్కటే వచ్చింది. ఇంటర్‌ప్రెటర్ది వట్టి గొంతే.

"నా పేరు సిద్దికా అమ్మా. మాది చిలకలూరిపేట. నాకు వినపడ్డ ప్రతి మాటా, ఎవరన్నా సరే, ఉన్నదున్నట్టు మార్చి చెప్పాలి. నా సొంత మాట ఒక్కటి కూడా కలపకూడదు. రూలు."

మన వైపు మనిషే! బతికిపోయాననుకుంది భానుశ్రీ. "అయితే మీకు తెలుసుగా అక్కా, మన తల్లులు ఎట్టా—"

"తెలుసు. చెప్పకూడదు," అంది సిద్దికా. అని, ఆ రెండు ముక్కలు కూడా ఇంగ్లీషులోకి మార్చి చెప్పేసింది.

భానుశ్రీకి ఒళ్ళు మండింది. "అవి తిట్లు కావండీ!" అని గొంతు పెంచింది. పెంచిందో లేదో... సిద్దికా ఇంగ్లీషులో మెల్లగా అంది, నెమ్మదిగా మాట్లాడు, బిడ్డ లేస్తుంది — అని. ఆఫీసరమ్మ కూడా సరేనన్నట్టు తలూపి గొంతు తగ్గించింది.

ఓహో, ఈవిడ ఇంట్లోంచి పనిచేస్తోంది, పక్కన పసిపాపుంది కాబోలు అనుకుంది భానుశ్రీ. తనలాంటి తల్లే. ఆమె మీద జాలేసి తనూ గొంతు తగ్గించింది.

అసలు విచారణ మొదలైంది. భానుశ్రీకి ఇంగ్లీషు వచ్చినా, రూలు ప్రకారం ఆఫీసరమ్మ ఇంగ్లీషులో అడగడం, సిద్దికా దాన్ని తెలుగు చేయడం. స్పీకరులోంచి ఆ గొంతు ఖాళీ మిల్లంతా తిరుగుతోంది.

"బిడ్డ తోలు తీస్తానన్నారా?"

"అన్నాను."

"చంపేస్తానన్నారా?"

"రోజూ అంటాను."

"ఎప్పటినుంచి?"

"వాళ్ళు పుట్టినప్పటినుంచీ అంటాం అక్కా..."

సరిగ్గా అప్పుడే యలమంద బండి మిల్లు ముందుకొచ్చింది. ఎప్పట్లాగే యాక్సిలేటరు మెలితిప్పాడు. బండి డుర్రుమని... ఆగిపోయింది. ఆగిపోయాక ఈ ముక్కలన్నీ చెవిన పడ్డాయి. లోపల తన తల్లి, ఆవిడతో ఇంకో దెయ్యం! ఇన్నేళ్ళూ అమ్మ ఉయ్యాల ఊపుతోందనుకున్నాడు. తీరా చూస్తే కన్నకొడుకునే చంపుతానంటోంది, అదీ పుట్టినప్పటినుంచీ! బండి అక్కడే పడేసి చెప్పులు చేతబట్టుకుని ఊళ్ళోకి పరిగెత్తాడు. ఊళ్ళో గాలికీ ధూళికీ దిష్టికీ అన్నిటికీ వెంకటరావమ్మే. నేరుగా ఆవిడ మంచం దగ్గరే ఆగాడు.

ఇక్కడ మిల్లులో ఆఫీసరమ్మ మెత్తబడలేదు. మాటకి అర్థం ఉంటుంది కదా, ఆ అర్థం లేకుండా ఆ మాటెందుకు అంటారు? — అంది.

భానుశ్రీకి ఏడుపొచ్చింది. "రాత్రంతా పరాయి వాళ్ళ అమ్మలకి దుప్పట్లు కప్పుతానండీ. నా పిల్ల దగ్గర నేనుండేది పొద్దున ఆ కాసేపే. నిద్ర ముంచుకొస్తుంటే, బస్సుకి టైమవుతుంటే, ప్రేమంతా ఆ కాసేపట్లోనే చూపించాలి. నోటికి ఏదొస్తే అదంటాను. అది లేకపోతే నేను బతకలేనండీ."

సిద్దికా మార్చి చెబుతుంటే దుప్పటి దగ్గర ముక్కు చీదిన చప్పుడైంది. కానీ రూలు రూలే, చివరిదాకా చెప్పింది. ఆఫీసరమ్మ ఇంకా ఏమీ తేల్చలేదు.

ఇంతలో... ముందు వాసనొచ్చింది. ఎండుమిరపకాయలు మాడుతున్న వాసన.

"ఒసేయ్ అంకమ్మా! కన్నకొడుకునే చంపుతానంటావటే! బైటికి రావే, నీ తోలు తీస్తా!"

"ఎవరో ఆవిడ బయటికి రమ్మంటోంది," అని సిద్దికా ఇంగ్లీషులో చెప్పింది. "తోలు తీస్తానంటోంది."

ఆఫీసరమ్మ కళ్ళు పెద్దవయ్యాయి.

ఎడంచేత నిప్పుల మూకుడు, కుడిచేత వేపమండ, కొంగు బొడ్లో దోపి వెంకటరావమ్మ మిల్లులోకి దూసుకొచ్చింది. ఆవిడ వెనక టార్చిలైట్లతో అయిదారుగురు. అందరికంటే వెనక యలమంద. వెంకటరావమ్మ వేపమండ చంకలో పెట్టి, మూకుడులో ఇంకో గుప్పెడు మిరపకాయలేసింది. ఘాటు రాలేదంటే అక్కడ దెయ్యం గాలి ఉన్నట్టు, వచ్చిందంటే లేనట్టు. అదీ లెక్క.

వచ్చింది. అందరికీ ఒకటే దగ్గు.

"ఘాటొచ్చిందిరోయ్! దెయ్యం లేదు, గియ్యం లేదు!" అంటూ టార్చి అరుగు వైపు తిప్పించింది. ముక్కూ కళ్ళూ కారుతూ మేనకోడలు.

"ఓసి నీ దుంపదెగ! నువ్వటే! మేడ మీదున్నానని చెప్పి ఇక్కడ చచ్చావటే!" మూకుడు కిందపెట్టి, వేపమండ పారేసి భానుశ్రీని గుండెలకి అదుముకుంది. "ఒంటిగా ఇంకోసారొచ్చావంటే కాళ్ళు విరగ్గొడతా. పీక పిసుకుతా. ఎట్టా ఎండిపోయావే నా తల్లీ! అన్నం తిన్నావా?" కొంగుతో కళ్ళు తుడిచి, బుగ్గలు పుణికి, కణతల దగ్గర మెటికలు విరిచింది.

ఆవిడేమంటోంది? — అడిగింది ఆఫీసరమ్మ.

సిద్దికా వరసగా చెప్పుకుపోయింది. దుంప తెగాలంటోంది. కాళ్ళు విరగ్గొడతానంటోంది. పీక పిసుకుతానంటోంది. అన్నం తిన్నావా అంటోంది.

ఆఫీసరమ్మ తెరకి దగ్గరగా జరిగి, ఇద్దర్నీ చాలాసేపు చూసింది. కళ్ళజోడు తీసి తుడుచుకుంది. నవ్వింది. నాకు అర్థమైంది, ఇక విచారణేమీ అక్కర్లేదు, ఇంటికెళ్ళి అన్నం తినండి — అంది. వెళ్తూ వెళ్తూ, ఆ పడుకున్న బిడ్డని లేపకండి అని కూడా అంది.

తెర నల్లబడింది. భానుశ్రీ అరుగు మీద కూలబడి ఒకేసారి ఏడ్చింది, నవ్వింది. పిల్ల తనదే. తనతోనే ఉంటుంది.

"అమ్మా..." ఫోనులో సిద్దికా గొంతు ఇంకా ఉంది. "నా డ్యూటీ అయిపోయింది. ఇప్పుడు సొంత మాట అడగొచ్చు. మొదట్లో మీ పక్కనుంచి ఒకావిడ, 'నెమ్మదిగా మాట్లాడవే, బిడ్డ లేస్తది' అన్నారే... ఎవరావిడ? ఈ పెద్దావిడ గొంతైతే కాదు."

"అది మీరు అన్నది కాదా అక్కా? మీ ఇంట్లో పాపాయి—"

"మా ఇంట్లో పాపాయేంటమ్మా, మావాడు కాలేజీలో ఉంటే! నేను విన్నదే మార్చి చెప్పా."

అందరూ మూకుడు వైపు తిరిగారు.

మూకుడులో మిరపకాయలు ఇంకా కాలుతూనే ఉన్నాయి. పొగ లేస్తూనే ఉంది. కానీ... ఎవరికీ దగ్గు రావడం లేదు.

"అంటే..." యలమంద కేక పెట్టాడు. "మా అమ్మ... ఉందా?!"

దూలాల కింది చీకట్లోంచి, చాలా మెల్లగా—

"అరవమాకరా... తోలు తీస్తా."

మూకుడు ఒకవైపు, టార్చిలు ఒకవైపు. మోకాళ్ళ నొప్పులని ఏడాదిగా మూలుగుతున్న వెంకటరావమ్మ అందరికంటే ముందు ఊరు చేరింది. భానుశ్రీ ఫోను పట్టుకుని గేటు దాకా పరిగెత్తి, ఒక్కసారి వెనక్కి చూసింది.

యలమంద పారిపోలేదు. అరుగు మీద కూర్చున్నాడు. చప్పుడు రాకుండా నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని ఏడుస్తున్నాడు.

"అమ్మా, లైన్లో ఉన్నారా?" ఫోనులో సిద్దికా పిలిచింది. "ఎవర్నమ్మా ఆవిడ తోలు తీస్తానంటోంది?"

"కొడుకుని అక్కా," అంది భానుశ్రీ గుసగుసగా. "ముద్దు చేస్తోంది."