నాన్న పేరున్న ట్యూబు

ఆ డిటెక్టివ్‌కి కుర్చీ అంటే పడదు. కాలుగాలిన పిల్లిలా గదంతా తిరుగుతూనే ఆలోచిస్తాడు. అందుకే తెలిసినవాళ్లందరికీ ఆయన పిల్లిగారు. ఆయన తిరిగేకొద్దీ కేసు ముడి విడిపోతుందని సహాయకుడి గట్టి నమ్మకం.

ఆ ఉదయం వచ్చిన అమ్మాయి కూడా కూర్చోలేదు. కళ్లద్దాల దుకాణంలో పని చేస్తుందట. చేతిలోని కాగితాలు ఆయనకి అందించింది.

“మా పూర్వీకులు ఎక్కడివాళ్లో తెలుసుకుందామని సరదాగా డీఎన్‌ఏ కిట్లు తెప్పించాను సార్. నాకొకటి, నాన్నకొకటి. ట్యూబులో ఉమ్మి పట్టి పంపాలి. మా ఇద్దరికీ ఏ సంబంధమూ లేదని రిపోర్టొచ్చింది.”

“నాన్నగారేమన్నారు?”

“బ్యాగు సర్దుకుని తన తాళాల షాపుకెళ్లిపోయారు, అక్కడే పడుకుంటున్నారు. సంగతి తెలిసి మా అత్తయ్య దిగింది. సూటిపోటి మాటలతో అమ్మని పొడుచుకు తింటోంది. ఊరందరి తాళాలు చూసే నాన్న, ఆవిడ నోటికి మాత్రం తాళం వేయలేరు.”

“మరి అమ్మగారు?”

“తప్పు నాదే అంటుంది, అంతకుమించి నోరు విప్పదు. మా అమ్మ అలాంటిది కాదు సార్. అది నిరూపించండి. నాన్న ఇంటికి రావాలి.”

పిల్లిగారు రిపోర్టులు తిరగేస్తూ గది చుట్టూ తిరిగాడు. “ట్యూబులు పంపిందెవరు?”

“పొద్దున్నే ఇద్దరం నింపి, వంటింటి అరలో పెట్టి పనికెళ్లిపోయాం. ఇంట్లో అమ్మ ఒక్కతే. కొరియర్‌ వస్తే తనే ఇచ్చింది.”

తండ్రి రిపోర్టులో ఒక పేజీ దగ్గర ఆయన ఆగిపోయాడు. పైన ‘తండ్రి వంశం’ అని ఉంది, కింద ఖాళీ. అమ్మాయి రిపోర్టులోనూ ఆ పేజీ ఖాళీయే. ఆయన ముఖం వాడిపోయింది. ముడి దొరికితే వెలగాల్సిన ముఖం అలా అయిందేమిటో సహాయకుడికి అంతుపట్టలేదు.

సాయంత్రం వాళ్లింట్లో భోజనాల బల్ల చుట్టూ అందరినీ కూర్చోబెట్టాడు. తాళాలాయన గుమ్మం దగ్గరే కుర్చీ అంచున కూర్చున్నాడు.

“తండ్రి వంశం ఆనవాలు మగవాళ్ల ఉమ్మిలోనే దొరుకుతుంది,” అన్నాడు పిల్లిగారు. “ఆడవాళ్ల రిపోర్టులో ఆ పేజీ ఖాళీగా వస్తుంది. ఈయన పేరుతో వచ్చిన రిపోర్టులోనూ ఖాళీయే. అంటే ట్యూబులో ఉన్నది ఆడమనిషి ఉమ్మి. ఈయనకసలు పరీక్షే జరగలేదు. అమ్మగారి మీద నిందకి ఆధారం లేదు. కేసు అయిపోయింది.”

గొడుగు అందుకున్నాడు. ఆయన ఇంత తొందరగా ముగించడం సహాయకుడు ఎన్నడూ చూడలేదు.

అత్తయ్య వదల్లేదు. “అయిపోవడమేంటి? మార్చిందెవరు?”

“నేనే వదినా,” అంది తల్లి. “అర తుడుస్తుంటే ఆయన ట్యూబు ఒలికిపోయింది. బయట కొరియరతను బెల్లు కొడుతున్నాడు. ఎవరి ఉమ్మయితేనేంలే అని నాదే పట్టి ఇచ్చేశాను.”

తాళాలాయన సిగ్గుతో తలెత్తలేకపోయాడు. అమ్మాయి నవ్వబోయి ఆగిపోయింది.

“అది నీదైతే... సంబంధం లేనిది నీకూ నాకూనా అమ్మా?”

పిల్లిగారు చెప్పకుండా దాటేద్దామనుకున్నది ఇదే.

“పుట్టినప్పుడు ఆసుపత్రిలో మారిపోయి ఉంటావు,” అంది తల్లి, ఆమె చెయ్యి పట్టుకుని. “రిపోర్టు చూడగానే అర్థమైంది. నన్ను చెడ్డదాన్నని అనుకున్నా ఫరవాలేదు, నీకు అమ్మగానైనా మిగులుతాననుకున్నా.”

తాళాలాయన లేచొచ్చి భార్య పక్కన నిలబడ్డాడు. క్షమించమని అడిగే ధైర్యం ఆయనకి రాలేదు.

తల్లి కూతురి చెయ్యి వదలకుండానే డిటెక్టివ్ వైపు తిరిగింది. “నా కడుపున పుట్టిన పిల్ల ఎక్కడో ఉంటుంది కదా బాబూ. ఎలా ఉందో కనుక్కోగలరా?”

ఆయన జవాబు చెప్పేలోగా అమ్మాయి కళ్లు తుడుచుకుంది.

“కనుక్కోండి సార్. దొరికితే తీసుకురండి,” అంది. “నా గది మాత్రం ఇవ్వను.”