తినని చేపకు గాలం

బరంపురం ఇంకా మద్రాసు రాజధానిలో ఉన్న రోజులవి. చేపను పట్టి, కాసేపు చూసి, మళ్ళీ ఏట్లో వదిలేసే మనిషి ఆ ఊళ్ళో ఒక్కడే ఉండేవాడు. ఆయన పేరు జానకీరామయ్య. ఛత్రపురం కచేరీలో హెడ్డు గుమాస్తా. సీమకు వెళ్ళిపోతూ ఒక దొర తన గాలపు బెత్తం ఆయన చేతిలో పెట్టి, విసరడం కూడా నేర్పి మరీ పోయాడు. చేప వాసన గుమ్మం తొక్కని ఇంట పుట్టినవాడికి ఇదేం పోయేకాలమని గేట్ బజార్లో నవ్వనివాడు లేడు. "తినని చేపకు గాలమెందుకయ్యా?" అని అడిగితే ఆయనా నవ్వి ఊరుకునేవాడు. భార్య రాజ్యం పోయాక ఆ నవ్వు పోయింది. గాలం మాత్రం పోలేదు.

వైకుంఠరావుకు మింగుడుపడని సంగతి అదే. రాజ్యం అతని అక్క. ఏడాది కిందట, ఇదే మార్గశిరంలో, మొగుడి వెంట బాహుదా ఏరు పుట్టే కొండల్లోకి సరదాగా వెళ్ళింది. ఏట్లో కాలుజారి పోయిందన్నారు. కబురందుకుని పుట్టింటివాళ్ళు బండి కట్టుకుని వెళ్ళేసరికి ఒడ్డున బూడిద తప్ప మరేం మిగల్లేదు. కడసారి చూపు కూడా దక్కలేదు. పెళ్ళాన్ని మింగిన ఏటికే మళ్ళీ మళ్ళీ గాలం భుజాన వేసుకుని వెళ్ళేవాణ్ణి ఏమనుకోవాలి?

దానికి తోడు, ఇప్పుడు చిన్నది అమ్మణ్ణిని కూడా అతనికే ఇద్దామంటున్నారు పెద్దవాళ్ళు. వచ్చే గురువారం తాంబూలాలు. వైకుంఠరావు అడ్డు చెప్తే తండ్రి వేంకటరమణమూర్తి కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు.

"అనుమానం పెనుభూతంరా. అయినా నీ మాట తీసెయ్యను. వాడితో నాలుగు రోజులు తిరిగి చూడు. నువ్వు వద్దంటే ఈ సంబంధం వద్దు."

అలా వైకుంఠరావు బావతో కలిసి చేపల వేటకు బయలుదేరాడు. మూడోవాడు బావ స్నేహితుడు శ్యామసుందర్ మిశ్ర. ఒడియా బ్రాహ్మడు కనక చేపంటే ప్రాణం. పట్టినవి ఏట్లో పారెయ్యకుండా తన కంచంలో వేస్తేనే వస్తానని షరతు పెట్టి మరీ వచ్చాడు.

చికిటి దాకా బస్సు, అక్కణ్ణించి ఎడ్లబండి. కొండ మొదట్లో ఉన్న అడవి బంగళా చేరేసరికి మిట్టమధ్యాహ్నం దాటింది. నీలకంఠం వాళ్ళ కోసం మెట్ల మీదే కూర్చుని ఉన్నాడు. దొరలకు ఏరు చూపించి, చేప ఎక్కడ లేస్తుందో చెప్పే మనిషి అతను. చేతిలో రెండు నిలువుల వెదురు గెడ. ఆ గెడతో లోతు చూడందే ఎంతటి దొరనైనా నీళ్ళలో కాలు పెట్టనివ్వడు.

భోజనాలయ్యాక జానకీరామయ్య వరండాలో రేకు పెట్టె తెరిచాడు. దొరల గాలానికి వానపాము పనికిరాదు. ఇనుప ముల్లుకు ఈకలూ, పట్టుదారమూ చుట్టి ఉత్తుత్తి ఈగను కడతారు. అది నీటి మీద వాలితే నిజం ఈగనుకుని చేప పైకి లేస్తుంది. పెట్టెలో అడవికోడి ఈకలతో కట్టినవున్నాయి, చిలక ఈకలతో కట్టినవున్నాయి. ఓ మూల, విడిగా, రెండే రెండు నల్లవి. ఎర్ర పట్టుదారంతో చుట్టినవి. వాటికి ఈకల్లేవు. పొడుగాటి, సన్నటి నల్ల పోగులు.

"ఇవేమిటి బావా?"

"ఎలుగుబంటి వెంట్రుకలు." మూత టక్కున పడింది.

వైకుంఠరావు ఎలుగు తోలు చూడనివాడు కాదు. ఆ వెంట్రుకలు చీపురు పుల్లల్లా ఉంటాయి. బావ అటు వెళ్ళగానే పెట్టె తెరిచి ఓ నల్ల ఈగను ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. మెంతులూ గుంటగలగరాకూ వేసి కాచిన తలనూనె వాసన. వాళ్ళమ్మ తప్ప బరంపురంలో ఇంకెవరూ అలా కాచరు. అక్క జడ వాసన అది. ఈగను పెట్టెలో పడేసి మూత వేశాడు.

పొద్దు వాలేవేళకి చేపలు లేస్తాయన్నాడు నీలకంఠం. నలుగురూ కొండదారి పట్టారు. వైకుంఠరావు కావాలనే అడుగులు కలుపుకుంటూ అతని పక్కకు చేరాడు.

"పోయినేడు మా అక్క వచ్చినప్పుడు నువ్వే కదా ఉన్నావు?"

గెడ ఆగింది. "ఆయమ్మ మీ అక్కగారేటి?"

"కాలు జారిందా?"

నీలకంఠం వెనక్కి చూశాడు. బావ, మిశ్ర ఇంకా మలుపు తిరగలేదు. అయినా గొంతు తగ్గించాడు.

"జారనేదు బాబూ. దిగింది. నాను అవతలొడ్డున ఉన్నాను. మంచులో మసగ్గా అగుపించింది. సీర తడుస్తున్నా సూసుకోకండా ఎల్లిపోనాది. ఆ బాబు ఒడ్డునే ఉన్నాడు."

"చెయ్యి అందించలేదా?"

"నేదు. నిలబడి సూస్తన్నాడు. నాను ఈదుకొచ్చేతలికి అయిపోనాది." మళ్ళీ మలుపుకేసి చూసి అన్నాడు, "ఎవుల్తోటీ సెప్పనేదు బాబూ. కచేరీ బాబు మీద నానేటి సెప్పగలను?"

వైకుంఠరావుకు ఇంక వినవలసిందేమీ లేదు. గురువారం నాడు ఏం చెప్పాలో తెలిసిపోయింది. కానీ ఆ మాట ముందు బావ నోటితోనే చెప్పించాలని పంతం పట్టింది.

రెండు కొండలు దగ్గరికొచ్చి ఒరుసుకునే చోట ఉంది ఆ మడుగు. పైన ఇంకా వెలుతురుంది, కింద నీరు మాత్రం అప్పుడే నల్లబడింది. కుళ్ళిన ఆకుల వాసన, తడిరాతి వాసన. అవతలొడ్డు నుంచి మంచు సన్నగా నీటి మీదకి పాకుతోంది. జానకీరామయ్య బెత్తం వెనక్కీ ముందుకీ ఊగిస్తుంటే దారం గాలిలో ఈల వేస్తోంది. అడవికోడి ఈగ వాలింది, చిలక ఈగ వాలింది. ఒక్క చేపా లేవలేదు.

"భాయి, మీ ఏట్లో చేపలు కూడా మీలాగే శాకాహారులు," అన్నాడు మిశ్ర విసుగ్గా. అంటూ అంటూ పాచి పట్టిన బండ మీద జారి కూలబడ్డాడు. మడమ బెణికింది. కాలు నేల మీద పెట్టలేక కేకలు మొదలెట్టాడు. నీలకంఠం అతన్ని వీపున వేసుకుని, గెడను వైకుంఠరావు చేతికిచ్చాడు.

"ఈ బాబుని బంగళాలో దింపి లాంతరట్టుకొస్తాను. గెడ ఒదలకండి. ఆ బాబు నీళ్ళలోకి దిగితే అందించండి. ఇక్కడ అడుగు ఒక్కపాలే తెగి లోతైపోద్ది."

అతని అడుగుల చప్పుడు మలుపు దాటిపోయింది. మంచు ఇవతలొడ్డుకు వచ్చేసింది. బావా బావమరుదులిద్దరే మిగిలారు.

వాళ్ళు పోతే చాలన్నట్టు జానకీరామయ్య పెట్టె తెరిచి, నల్ల ఈగ తీసి దారానికి కట్టాడు. ఒక్కసారే విసిరాడు. అది నీటి మీద వాలింది. చేప ఎగరలేదు. చప్పుడు కాలేదు. దారం మాత్రం మెల్లిగా బిగిసింది... ఎవరో చేత్తో పట్టుకున్నట్టు.

చుట్టుకుంటూ లాగితే పెద్ద పొలుసుల చేప ఒడ్డుకొచ్చింది. కొట్టుకోలేదు, గింజుకోలేదు. బావ ఇటు వీపు పెట్టి దాని మీదకు వంగాడు. వేళ్ళు గబగబా ఏదో చేస్తున్నాయి. వైకుంఠరావు చప్పుడు చెయ్యకుండా దగ్గరికి వెళ్ళి భుజం మీంచి తొంగిచూశాడు.

చేప నోరు మూసే ఉంది.

ముల్లు ఎక్కడా గుచ్చుకోలేదు. నల్ల పోగులు చేప మొప్పల సందులోంచి దూరి ఇవతలికి వచ్చాయి. మూడు పాయలుగా విడిపోయాయి. జడ అల్లి ఉంది. చివర ముడి వేసి ఉంది... విసిరినప్పుడు విడివిడిగా ఉన్న పోగులకు.

బావ ఆ చిట్టి జడను ఓపిగ్గా విప్పి, ఊడొచ్చిన పోగులతో పాటు చేపను నీళ్ళలో వదిలేసి, ఉత్తరీయంతో కళ్ళొత్తుకున్నాడు.

"చూశావుగా. నేను వచ్చేది చేప కోసం కాదోయ్. ఈ ముడి కోసం."

"అది అక్క జుట్టు."

"అవును."

"ఎలుగుబంటిదన్నావు!"

జానకీరామయ్య పెట్టెలోకి చూస్తున్నాడు. "ఇంకొక్కటే ఉంది," అన్నాడు. తనలో తను అనుకుంటున్నట్టు, "అమ్మణ్ణి జడ కూడా ఇప్పుడు మోకాళ్ళు దాటిందటగా?" అన్నాడు.

ఇదా సంగతి! ఒకదాని జుట్టు అయిపోతే ఇంకోదాన్ని కట్టుకుందామని! గెడ మీద వైకుంఠరావు పిడికిలి బిగిసింది.

రెండో ఈగ వాలింది. దారం బిగిసింది. ఈసారి రాలేదు. బావ లాగితే అటునుంచి కూడా లాగింది... మెల్లిగా. మళ్ళీ మెల్లిగా.

"రాజ్యం..."

జానకీరామయ్య నీళ్ళలోకి దిగాడు. మోకాళ్ళు. నడుము. బెత్తం పట్టుకుని నిద్రలో నడిచేవాడిలా పోతున్నాడు. ఉన్నట్టుండి గొంతుదాకా దిగబడ్డాడు. అప్పుడు గాని మెలకువ రాలేదు కాబోలు, కళ్ళు పెద్దవయ్యాయి.

"గెడ... వైకుంఠం, గెడ!"

"ముందు చెప్పు. అక్కను నువ్వే కదా..."

"నేను కాదు... గాలం రాయికి తట్టుకుంది. విడిపిస్తానని దిగింది. నాకు ఈత రాదు... అడుగు పడలేదు... భయమేసింది..." నోట్లోకి నీళ్ళు పోయాయి. "గెడ ఇయ్యి!"

గెడ రెండు నిలువులుంది. బావ దానికి మూరెడు లోపలే ఉన్నాడు. అందుతుంది. వైకుంఠరావుకు తెలుసు. కానీ నమ్మడమెలా? ఎలుగుబంటిదన్న నోరే కదా ఇదీ... అమ్మణ్ణి జడ కొలిచిన నోరే కదా... చేతులు కదల్లేదు.

నీళ్ళలో బిందె మునిగినట్టు ఆ తల మెల్లిగా మునిగింది. అలలు లేవలేదు. చప్పుడు లేదు. మంచు వచ్చి ఆ చోటు కప్పేసింది. వైకుంఠరావు ఒడ్డునే నిలబడి చూస్తున్నాడు.

దూరంగా లాంతరు వెలుగు కనబడ్డాక ఒళ్ళు తెలిసింది. గబుక్కున వంగి గెడను నీళ్ళలో ముంచి తీశాడు.

"అందించాను నీలకంఠం. అందలేదు."

నీలకంఠం తడిగెడను చేత్తో నిమిరి చూశాడు. వైకుంఠరావు మొహం కేసి చూశాడు. లాంతరు ఎత్తి నీళ్ళకేసి నడిచాడు.

మర్నాడు పొద్దున్నే దిగువన శవం దొరికింది. మిశ్ర చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. కర్మకాండ అయ్యేదాకా వైకుంఠరావు అందరికీ అదే మాట చెప్పాడు. అందించాను, అందలేదు. చెప్పగా చెప్పగా తనకే నిజమనిపించసాగింది. చెల్లెలి గొంతు కోసేవాణ్ణి తప్పించానని లోలోపల ధైర్యం కూడా చిక్కింది.

పదమూడో రోజు వెళ్ళాక, మధ్యాహ్నం వేళ తల్లి బాలాంబ దగ్గర కూర్చుని ఆ సంగతి ఎత్తాడు. "నీకు తెలీదమ్మా. అక్క జుట్టుతో గాలాలు కట్టుకున్నాడు ఆ మనిషి."

బాలాంబ తెల్లబోయింది.

"అతను కట్టడమేమిట్రా? రాజ్యమే కట్టింది. పోయే ముందు శ్రావణంలో ఇక్కడికొచ్చినప్పుడు దువ్వెనలో రాలినవన్నీ పోగుచేసి, ఈ అరుగు మీదే కూర్చుని. ఏమిటే ఈ చోద్యమని తిట్టాను కూడా. 'ఆయనకి నీళ్ళంటే హడలు కదమ్మా, నా వెంట్రుక తోడుంటే ధైర్యంగా ఉంటుందిట' అని ఒకటే నవ్వు." కొంగుతో మొహం కప్పుకుంది. "బిందెడు నీళ్ళు మీద పోసుకోవడానికే జంకేవాడు. అలాటివాణ్ణి ఏట్లోకి దిగనిచ్చారేమిట్రా మీరు?"

ఆవిడ లేచి పెరట్లోకి వెళ్ళిపోయింది. వైకుంఠరావు కూర్చున్నచోటే కూర్చున్నాడు. బావ చెప్పింది నిజం. అక్షరాలా నిజం. పిరికితనమే అతను చేసిన నేరం. మరి తను చేసిందేమిటి? ఎవరూ చూడలేదన్నదొక్కటే మిగిలిన ఊరట. మిశ్ర బంగళాలో ఉన్నాడు, నీలకంఠం దారిలో ఉన్నాడు. ఆ మడుగు దగ్గర ఇంకెవరూ లేరు.

అమ్మణ్ణి అన్నం పెట్టుకొచ్చింది. మజ్జిగ పోస్తూ పక్కనే కూర్చుంది. తాంబూలాలు ఆగిపోయిన దగ్గర్నించీ ఆ పిల్ల ఎవరితోనూ సరిగ్గా మాట్లాడలేదు.

"అన్నయ్యా."

"ఊఁ."

"బావ రెండుసార్లు అడిగాడట కదా."

వైకుంఠరావు చెయ్యి అన్నంలోనే ఆగిపోయింది.

"గెడ అందేదేనట. ఇంకా మూరెడు మిగిలేదట. ఎందుకివ్వలేదూ?"

అమ్మణ్ణి కాసేపు చూసి, మజ్జిగ చెంబు కింద పెట్టి, ఎవరూ లేని గుమ్మం వైపు విసుగ్గా తిరిగింది.

"ఉండవే అక్కా, అడుగుతున్నాగా."