జల్లెడలో పోయిన మబ్బు

మౌనపురిలో ఎవరినైనా పిలవాలంటే గోడ మీది గొట్టాన్ని చెంచాతో కొట్టాలి. రెండు దెబ్బలకు వంటగది పలుకుతుంది, మూడు దెబ్బలకు గవర్రాజుగారు పలుకుతారు. చంద్రుడి అవతలి ముఖం మీద, భూమి గోల చేరని ఒక లోతైన గొయ్యిలో కట్టిన ఊరది. అక్కడి రేడియో టెలిస్కోపు ఎంత సున్నితమంటే, వైర్‌లెస్ ఇయర్‌ఫోన్ కూడా దానికి బ్యాండుమేళంలా వినిపిస్తుంది. అందుకే ఊళ్లో సెల్‌ఫోన్లు లేవు, మైక్రోవేవ్ పొయ్యిలు లేవు. ఉన్నా ఎవరూ ఒప్పుకోరు. ఒకరినొకరు కనిపెట్టుకుని ఉండటమే అక్కడివాళ్లకు పెద్ద కాలక్షేపం.

ఆ కాలక్షేపంలోంచి పుట్టిందే జల్లెడ. టెలిస్కోపు విన్నదాంట్లోంచి మనుషుల రొదను ఏరిపారేసి, ఆకాశం చెప్పిన కబురును మాత్రమే మిగిల్చే కృత్రిమ మేధ. రొదను పారేసి ఊరుకోదు, అది ఎవరిదో కూడా చెబుతుంది. ఊరు పుట్టినప్పటి నుంచీ వచ్చిన ఫిర్యాదులన్నీ దానికి నూరిపోశారు మరి. ఫలానావారి షేవింగ్ మిషను, ఫలానావారి ఎలక్ట్రిక్ దుప్పటి, అన్నీ దానికి కంఠస్థం.

ఊరి పని గామా కిరణాల పుట్టుక కనిపెట్టడం. ఎక్కడో పేలిన నక్షత్రం విసిరిన ప్రోటాన్లు దారిలో ఒక వాయుమేఘాన్ని ఢీకొంటే, ఆ మేఘం గామా కిరణాల్లో మెరుస్తుంది. మెరిసేది మేఘం, కొట్టింది మరొకరు. ఆ మేఘం మామూలు కంటికి కనబడదు. దాంట్లోని హైడ్రోజన్ పలికే సన్నని రేడియో గీతే దాని ఆనవాలు. గీత దొరికితే అక్కడ దెబ్బతిన్న మబ్బు ఉన్నట్టు. దొరక్కపోతే మెరుపు పుట్టినచోటే ఏదో కొత్త వస్తువు ఉన్నట్టు.

ధనూరాశి దిక్కున మెరుస్తున్న ఒక గామా చుక్క దగ్గర మబ్బు లేదని జల్లెడ తేల్చింది. ఊరికి పెద్ద అయిన గవర్రాజుగారు దానికి 'బోడిచుక్క' అని పేరు పెట్టి, కొత్త వస్తువు దొరికిందని లోకమంతా చాటేశారు. ఆ దిక్కును గమనించే శాస్త్రవేత్త విరజ మాత్రం ఒప్పుకోలేదు. జల్లెడ పట్టకముందు గీత ఉంది, పట్టాక లేదు.

"జల్లెడ పారేసిన ఆ గీత నీ రొదేనమ్మా," అన్నారు గవర్రాజుగారు. "నీ డ్యూటీలోనే వస్తోంది. ఇంకెవరి డ్యూటీలోనూ రాలేదు."

"అది మబ్బు సార్. నా దగ్గర ఏ పరికరమూ లేదు."

"మబ్బైతే జల్లెడ చెప్పదా? భూమికి పోయే ఓడ సిద్ధంగా ఉంది. సర్దుకో."

విరజ చెప్పింది పూర్తి నిజం కాదు. ఆమె సాక్సులో ఒక ఇయర్‌ఫోన్ దాచుకుంది. వాన ఎరగని ఆ నేల మీద, వాన చప్పుడు వింటే తప్ప ఆమెకు నిద్ర పట్టదు. డ్యూటీలో ఎన్నడూ పెట్టుకోలేదు గానీ, అది ఉందని చెబితే మిగతాది ఎవరు నమ్ముతారు? ఓడ ఎక్కితే మళ్లీ ఈ గడప తొక్కనివ్వరు. తన మబ్బు లేనట్టే మిగిలిపోతుంది. కాలు ఒకచోట నిలవక ఊరి పొడవాటి నడవాలో అటూ ఇటూ తిరిగి, చివరికి కరెంటు చూసుకునే ఇంజినీరు ఏలియాను వెంటబెట్టుకుని జల్లెడ గదికి వెళ్లింది.

"ఆ గీత నాదని ఎందుకన్నావు?"

"మీ డ్యూటీలోనే వస్తుంది కనుక," అంది జల్లెడ.

"ఆ దిక్కు చూసేది నేనొక్కదాన్నే కదా!"

నిజమే. మౌనపురిలో ఎవరు కోరుకున్న ఆకాశపు ముక్క వారిదే. ఇతరులు అటు తొంగిచూడటం మర్యాద కాదు. ఆ మర్యాదే ఆమె కొంప ముంచింది.

"అది ఆకాశానిది కావచ్చని అనుకోలేదా?"

"నాకు నేర్పిన పాఠాల్లో ప్రతి అనుమానపు గీతకూ ఒక మనిషి పేరు ఉంది. ఆకాశం పేరు ఒక్కదానికీ లేదు."

ఏలియా పకపకా నవ్వాడు. "దాన్నేం అంటావక్కా, మనం నేర్పిందే అప్పజెప్పింది. నువ్వెళ్లి తుఫాను గదిలో కూర్చో. అక్కడి నుంచి ఏ రొదా బయటికి రాదు, కరెంటు కూడా నేను తీసేస్తా. నీ డ్యూటీ పెద్దాయన్నే చెయ్యమందాం."

సౌర తుఫాన్లకు దాక్కునే సీసపు గదిలో, చీకట్లో, విరజ గోళ్లు కొరుక్కుంటూ కూర్చుంది. బయట గవర్రాజుగారు తెర ముందు చేతులు కట్టుకుని కూర్చున్నారు. గీత వచ్చింది. అదే చోట, అంతే సన్నగా.

ఓడ విరజ లేకుండానే వెళ్లింది. గవర్రాజుగారు నలుగురిలోనూ తప్పు ఒప్పుకుని, జల్లెడలో 'ఆకాశం' అనే కొత్త బటన్ పెట్టించారు. ఇకమీద ఏ గీత మీద అనుమానం వచ్చినా, డ్యూటీలో ఉన్నవారు అది ఫలానా మనిషిదో ఆకాశానిదో నొక్కి చెప్పాలి. విరజకు కళ్లనీళ్లు తిరిగాయి. ఇక భూమి మీది నిపుణులు ఊరు పంపిన మబ్బుల పటాన్ని పరిశీలించి ఔననడమే తరువాయి.

పక్కవాడి పేరు నొక్కితే పగ. తన పేరు నొక్కితే ఓడ. ఆకాశం పేరు నొక్కితే ఎవరికీ కోపం రాదు. ఈ సంగతి కనిపెట్టడానికి ఊరికి ఎంతోకాలం పట్టలేదు. పటం నిండా కొత్త మబ్బులు పుట్టుకొచ్చాయి. కొన్ని భోజనాల వేళకు ఉబ్బి, గిన్నెలు కడిగేసరికి సద్దుమణిగేవి. భూమి నుంచి జవాబు వచ్చింది: "ముందు మీ పటంలో మబ్బు లేని చోటు ఒక్కటి చూపించండి. విరజగారి మబ్బు సంగతి తర్వాత చూద్దాం."

విరజ ఒళ్లు మండిపోయి గవర్రాజుగారి గదికి పరుగెత్తింది. "సార్, రోజూ మీరు కునుకు తీసే వేళకు వచ్చే మబ్బు మీ ఎలక్ట్రిక్ దుప్పటి!"

"నా దుప్పటా? ఆకాశం తల్లీ అది. కావాలంటే జల్లెడనే అడుగు."

ఆమె అడిగింది. "వీటిలో నిజమైన మబ్బు ఏదో ఏరగలవా?"

"ఏరలేను," అంది జల్లెడ. "బటన్ పెట్టినప్పటి నుంచి ప్రతి గీతకూ ఆకాశమనే జవాబు వచ్చింది. మనిషి పేరు ఒక్కటీ లేదు. నాకొక సందేహం. మౌనపురిలో మనుషులు ఉన్నారా?"

విరజకు నవ్వు వచ్చింది. కానీ తెర మీద నిన్నటి ఒక సన్న గీత చూడగానే ఆ నవ్వు ఆగిపోయింది. అది నిద్ర కోసం తను ఇయర్‌ఫోన్‌లో విన్న వాన చప్పుడు. తర్వాత డ్యూటీలోకి వచ్చి ఆకాశమని నొక్కింది తనే.

తన పేరు నొక్కితే ఏమవుతుందో ఆమెకు బాగా తెలుసు. అయినా నొక్కింది.

"ఒకరు ఉన్నారు," అంది జల్లెడ.

విరజ చెంచా అందుకుని గొట్టాన్ని మూడు దెబ్బలు కొట్టింది. మళ్లీ కొట్టింది. గవర్రాజుగారు పలకలేదు. తెర మీద, కునుకు వేళకు ఉబ్బిన ఆయన దుప్పటి గీత మాత్రం చటుక్కున ఆరిపోయింది.